నున్నటి చెంప

తబ్రీజ్‌లో తివాచీల మీద ముఖాలు నేసే చేతులు చాలా ఉన్నాయి. సనోబర్ ఖానుమ్ లెక్కలో మాత్రం అవి చేతులు కావు, చీపుళ్లు. ఆమె మొదటిసారి మగ్గం బల్ల ఎక్కిన నాడు కాళ్లు నేలకు అందేవి కావు. అప్పటినుంచీ పువ్వులూ గుర్రాలూ, పెళ్లి జంటలూ, చచ్చిపోయిన తండ్రులూ అందరూ ఆ వేళ్ల మీదుగానే గోడలెక్కారు. ఆమె బడి మొహం చూడలేదు. చూసినవాళ్లను చూశాక, చూడనందుకు పెద్దగా బాధపడిందీ లేదు.

ఆమె కడుపుమంట ఒక్కటే. తివాచీ పై అంచున కుడి మూలన నేయించినవాడి పేరు ఉంటుంది గాని నేసినదాని పేరు ఉండదు. కార్ఖానా యజమాని ఐవజ్ పేరును ఆమె జీవితమంతా ముడివేస్తూనే వచ్చింది. ఈసారి ఎందుకో అతని మనసు మెత్తబడింది. ఆమె చూపు మందగిస్తోందనీ, ముఖం నేయడం ఇదే ఆఖరనీ ఇద్దరికీ తెలుసు.

"అక్కా, దీని మూలన నీ పేరు వేసుకో" అన్నాడు.

సనోబర్ పైకి మూతి విరిచింది గాని, ఆ రాత్రి కూతురిచేత తన పేరు కాగితం మీద రాయించుకుని చాలాసేపు చూసుకుంది.

ఆ ముఖం బెహ్రూజ్ అనే టైల్సు వ్యాపారి తల్లి రుబాబాది. కొత్త ఇంట్లో గోడకు పెట్టుకోవాలని అతని సరదా. ఫోటో అతని కొత్త ఫోనులో ఉంది. దాన్ని ఐవజ్ కంప్యూటర్లోకి ఎక్కిస్తే, అది ముఖాన్ని గళ్లుగా కోసి, ఏ గడికి ఏ రంగో చెబుతూ నక్షా అచ్చు వేసి ఇస్తుంది. వినడానికి ఇంతే.

ఆ కంప్యూటర్ ఐవజ్ కూతురు బడికి పోయే రోజుల్లో కొన్నది. ఇప్పుడు ఆ కూతురి పిల్లలు బడికి పోతున్నారు. పెట్టె పాచిపళ్ల రంగుకు తిరిగింది. మార్చేద్దామంటే వీల్లేదు. నక్షా గీసే ప్రోగ్రాముకు తాళంలాంటిదొకటి వెనకాల గుచ్చి ఉంటుంది. అది దూరే కన్నం కొత్త కంప్యూటర్లకు లేదు. ఆ తాళం చేసి అమ్మినవాడు దుకాణం మూసేసి ఎటు పోయాడో తెలియదు. అందుకని ఐవజ్ ఆ ముసలి పెట్టెను అత్తగారిని చూసుకున్నట్టు చూసుకుంటూ వస్తున్నాడు.

బెహ్రూజ్ ఫోను తీగ తెచ్చి కంప్యూటర్‌కు గుచ్చబోతే మూతి పట్టలేదు. బజారుకు పోయి మూతికి మూతి కలిపే ముక్క కొనుక్కొచ్చాడు. ఈసారి పట్టింది. ఈ కంప్యూటరును నమ్మవచ్చా అని ఫోను అడిగింది. నమ్మమన్నాడు. ఇదేదో తెలియని వస్తువని కంప్యూటర్ మొరాయించింది. మగ్గం మీదనుంచి చూస్తున్న సనోబర్ ముక్కున వేలేసుకుంది. పెళ్లిచూపుల్లో కూడా ఇంత బెట్టు ఆమె ఎరగదు.

తరువాత ఫోటోను బెహ్రూజ్ దుకాణంలోని కొత్త కంప్యూటర్లోంచి పెన్‌డ్రైవులోకి ఎక్కించి తెచ్చారు. ఫోటో పేరు కనబడింది గాని ఫోటో తెరుచుకోలేదు. కొత్త ఫోన్లు తీసే ఫోటోల రకమే వేరట, పాతవాటికి అది అంతు పట్టదట. ఈ డబ్బాను తీసుకెళ్లి మ్యూజియంలో పెట్టమని బెహ్రూజ్ ఎగతాళి చేశాడు. నీ ఫోను చెత్తబుట్టలో పడ్డాక కూడా ఇది నక్షాలు వేస్తూనే ఉంటుందని ఐవజ్ తిప్పికొట్టాడు. ఇద్దరూ నాలుగు రోజులు ఒకరి సామాను మీద ఒకరు దుమ్మెత్తి పోసుకున్నారు. వాళ్లు తాగి వదిలేసిన టీ గ్లాసులు కడిగింది మాత్రం సనోబరే.

చివరికి ఫోటో స్టూడియోలో కాగితం మీద వేయించి తెచ్చి, దగ్గుతూ నడిచే స్కానరులో పెట్టి లోపలికి తోశారు. నక్షా వచ్చింది.

సనోబర్ కళ్లద్దాలు తుడుచుకుని దాన్ని ముందూ వెనకా తిప్పి చూసింది. ముఖమంతా ఒకటే రంగు. చెంప మీద ముడత లేదు, కంటి కింద నీడ లేదు.

"ఎవరిదిరా ఐవజ్, ఈ ఉడకబెట్టిన గుడ్డు?"

"బెహ్రూజ్ వాళ్లమ్మదే అక్కా. స్టూడియోవాడు కాస్త నునుపు చేశాడట, అడక్కపోయినా."

"కాస్తా? తోలు తీసేశాడు. ఎన్నేళ్లయింది ఆవిడ పోయి?"

"పోవడమేమిటి. రెండు సందుల అవతల కూర్చుని టీ తాగుతోంది."

సనోబర్ టీతో చప్పరించడానికి బుగ్గన పెట్టుకున్న చక్కెర బిళ్లను అరచేతిలోకి ఉమ్మింది. నాలుగు రోజులు ఇద్దరు మగాళ్లు ఒక ముసలమ్మ మొహాన్ని ఒక డబ్బాలోంచి ఇంకో డబ్బాలోకి తోయడానికి చెమటలు కక్కారు. లేచి రెండు సందులు దాటాలని ఒక్కడికీ తోచలేదు. ఈ మాట పైకి అంటే తన నోరే పాడవుతుందనిపించింది. చాదర్ కప్పుకుని, దారపు ముక్కల కట్టనూ నక్షానూ చంకన పెట్టుకుని బయలుదేరింది.

రుబాబా ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి టీ ఇచ్చింది. ఆవిడ ఎడమ చెంప మీద మశూచి గుంటలున్నాయి, నొక్కిన పిండిలా. కళ్ల కింద సంచులు. సనోబర్‌కు ప్రాణం లేచి వచ్చింది. ఇదీ ముఖమంటే. దారాలు ఒక్కొక్కటే ఆ చెంప దగ్గర పెట్టి చూసుకుంది. గుంటలకు మట్టి రంగు, అంచులకు గోధుమ రంగు. అన్నీ ఏరి ఒళ్లో పెట్టుకుంది.

రుబాబా ఓపిగ్గా చెంప అప్పగించి కూర్చుంది. తరువాత నక్షా అడిగి తీసుకుని చూసింది. చూస్తూనే ఉంది.

"ఇదే నెయ్యి చెల్లీ" అంది.

"ఇది మీరు కాదు ఖానుమ్."

"కాదని నాకు తెలియదా? పెళ్లివాళ్లు చూసుకోవడానికి వచ్చిన ప్రతిసారీ మా అమ్మ నన్ను ఈ చెంప గోడవైపు తిప్పి కూర్చోబెట్టేది. మెడ నొప్పి పుట్టేది. చచ్చాక కూడా అలాగే కూర్చోమంటావా, నా కొడుకింటి గోడ మీద?"

సనోబర్ ఏరిన దారాలను మళ్లీ కట్టలో కట్టుకుని లేచింది.

ముఖం నేసింది. శీతాకాలం పోయి, వేసవి కూడా పోయింది. చెంప చెప్పినట్టే నున్నగా వచ్చింది. ఆ నునుపును ముడివేస్తున్నంతసేపూ ఆమెకు సబ్బు మింగినట్టుండేది. రుబాబా మీద కోపం రాలేదు. ఫోను మీదా, కంప్యూటర్ మీదా, అడగకుండా తోలు తీసిన స్టూడియోవాడి మీదా మాత్రం కోపం చల్లారలేదు. అందరూ వచ్చి చూసి, అబ్బ, అచ్చం ఫోటోలాగే ఉంది అన్నారు. ఆమె అటు తిరిగి మగ్గం దువ్వెనతో ముడులు దబదబా కొట్టింది.

మూల దగ్గరికి వచ్చింది. ఐవజ్ ఆమె పేరుకు గళ్లు వేయించి, చిన్న కాగితంగా కత్తిరించి తెచ్చి మగ్గానికి అంటించబోయాడు.

"తీసెయ్యి దాన్ని" అంది సనోబర్.

"నీ పేరు వెయ్యనివ్వలేదని ఇన్నేళ్లూ నన్ను తిట్టింది నువ్వేగా అక్కా?"

"ముడులు నావి. ముఖం నాది కాదు. ఆ స్టూడియోవాడి పేరు వేసుకో, సరిపోతుంది."

ఐవజ్ కాగితం జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు. పక్క మగ్గం మీద నేసే పిల్ల తన పేరు నేసుకోవడానికి ఇంత బెట్టెందుకు పిన్నీ అని నసిగింది. సనోబర్ ఎర్ర దారం తీసుకుని ఐవజ్ పేరే మొదలుపెట్టింది. ఆ అక్షరాలకు ఆమెకు నక్షా అవసరం లేదు.