సత్తిబాబు తెచ్చిన ఇండికా

అబద్ధమాడి దొరికిపోయినవాళ్లను మీరు చాలామందిని చూసే ఉంటారు. ఎవరూ అడక్కుండానే నిజం కక్కేసి, అదీ ఇంకా చెయ్యని నేరానికి, చర్చి గేటు ముందు, ఒక హెడ్ కానిస్టేబుల్ రెండు చేతులూ పట్టుకుని దొరికిపోయినవాణ్ణి ఎప్పుడైనా చూశారా? చూసి ఉండకపోతే కాస్త ఇటు తిరగండి. ఆ మహానుభావుణ్ణి నేనే.

నాకూ చదువుకూ ఏడో తరగతిలోనే ఒప్పందం కుదిరిపోయింది. అది నా జోలికి రాకూడదు, నేను దాని జోలికి పోకూడదు. ఇద్దరం మాట మీద నిలబడ్డాం. తర్వాత రాజోలు దగ్గర మా ఊళ్లో అందరూ చేసే పనే నేనూ చేశాను, కువైట్ వెళ్లాను. అక్కడ ఓ బేకరీలో ఆరేళ్లు రాత్రి డ్యూటీ. లోకమంతా పడుకున్నాక రొట్టెలు కాల్చడం, తెల్లారాక కంపెనీ వ్యానులో వెనక సీటులో కూలబడి, అద్దానికి తల ఆనించి, రూము వచ్చేదాకా శవంలా నిద్రపోవడం. ఇదీ నా జీవితం.

ఆ వీసా అయిపోయి ఇంటికొచ్చాను. విమానం నన్నయితే దించింది గాని నా నిద్రను దించడం మర్చిపోయింది. రాత్రి పక్క మీద పడుకుంటే కళ్లు రెండూ కొత్తగా రంగేసిన గేటులాగా తెరుచుకుని ఉండేవి. ఇంతలో కొత్త కంపెనీ నుంచి వీసా వచ్చింది, అదీ పగటి డ్యూటీ. మెడికల్‌కని హైదరాబాదు వెళ్తే, డాక్టరమ్మగారు నా చేతికి బీపీ పట్టీ కట్టి, మిషను వంక ఒకసారి, నా వంక ఒకసారి చూశారు.

"నిద్రపోతున్నారా?"

"పగలు పోతున్నానండి."

"రాత్రి పోవాలి. పది రోజుల తర్వాత మళ్లీ రండి. అప్పుడూ ఇలాగే ఉంటే అన్‌ఫిట్ రాసేస్తాను."

మా వైపు ఇంటికొకరైనా గల్ఫులో ఉంటారు కాబట్టి, ఇంగ్లీషు ముక్క రాని మామ్మగారికి కూడా అన్‌ఫిట్ అంటే ఏమిటో తెలుసు. వీసా పోతుంది. ఆ తర్వాత ఎన్నేళ్లు గడిచినా "ఎవరూ, ఆ అన్‌ఫిట్ అయిన కుర్రోడా?" అనే పేరు మాత్రం పోదు. అంటే పది రోజుల్లో నేను నిద్రపోవడం నేర్చుకోవాలి. పుట్టిన రోజు నుంచి వచ్చిన విద్యే, మళ్లీ మొదటి నుంచి.

అమ్మ నా నెత్తిన పోసిన కొబ్బరినూనెతో ఓ చిన్న పెళ్లికి గారెలు వేయించొచ్చు. గేదెపాలు, అరటిపండు, కాళ్లకు వేడినీళ్లు, అన్నీ అయ్యాయి. చర్చిలో మా అయ్యగారి ప్రసంగానికి నాకు కాస్త కునుకు పట్టేది గనక ఆ ప్రసంగాన్ని ఫోనులో రికార్డు చేసి చెవి దగ్గర పెట్టుకున్నాను. సరిగ్గా కన్ను మూతపడే చోట ఆయన "మేలుకోండి" అని కేకేశారు. ఇక ఆ రాత్రంతా మేలుకునే ఉన్నాను.

అప్పుడు నా ఫోనులోకి ఒక వీడియో వచ్చింది. ఎక్కడో అమెరికాలో ఉండే మన తెలుగాయన, వెనకాల పచ్చటి మొక్కలు పెట్టుకుని, వాళ్లుండే చోట గంజాయి షాపుల్లోనే అమ్ముతారనీ, దానిలో రకాలుంటాయనీ, ఏ రకం దేనికో చూసి ఎంచుకోవాలనీ కూరగాయల బేరంలాగా చెప్పుకుపోతున్నాడు. ఇండికా అనే రకం నిద్రకట. సాటివా హుషారుకట. రెండూ కలిపితే హైబ్రిడ్. మనం కొబ్బరి మొక్కల్లో చూడలేదా, పొట్టి రకం, పొడుగు రకం, రెండూ కలిపిన హైబ్రిడ్. అర్థం కానిదేముంది? డీజిల్ అని ఇంకో రకం కూడా ఉందట. అది బుర్రను పరుగులు పెట్టిస్తుంది కాబట్టి నిద్ర కావాల్సినవాళ్లు దాని జోలికి పోవద్దన్నాడు. మన దేశంలో అది నేరమని ఆయనా చెప్పలేదు, నేనూ అడగలేదు. ఏడో తరగతి దాకా చదివిన బుర్ర "ఇండికా మంచిది, డీజిల్ చెడ్డది" అని రెండు ముక్కలు బట్టీ పట్టి వీడియో కట్టేసింది.

ఇప్పుడు దాన్ని ఎవర్ని అడగాలి? ఆలోచిస్తే సత్తిబాబు తట్టాడు. నేను కువైట్ వెళ్లేటప్పటికి సైకిళ్లకు పంచర్లు వేసుకునేవాడు. వచ్చి చూస్తే రాజోలు రోడ్డులో పెద్ద షెడ్డు. ఎప్పుడు చూసినా కళ్లు మిరపపళ్లలా ఎర్రగా ఉంటాయి, మాట మెల్లగా ఉంటుంది, ఎవరెవరో వచ్చి పక్కకు పిలిచి మాట్లాడి వెళ్తుంటారు. ఇక సాక్ష్యం ఏం కావాలి? వెల్డింగ్ చేసేవాడి కళ్లు ఎర్రగా కాక ఇంకెలా ఉంటాయి, పాత బండ్ల వ్యాపారం చేసేవాణ్ణి జనం పక్కకు పిలవరా అని మీరు అడగొచ్చు. అప్పుడు మీరు నా పక్కన లేరు కదా.

వెళ్లి, గొంతు తగ్గించి అడిగాను. "సత్తిబాబూ, ఇండికా కావాలి."

నేను తగ్గించానని అతనూ తగ్గించాడు. "ఆయ్. దొరుకుద్దండి. మీకేనాండి?"

"నాకే. మూడో కంటికి తెలీకూడదు. ముఖ్యంగా మా బావకి."

మా బావ ఇమ్మానియేలు పోలీసు డిపార్ట్‌మెంటులో హెడ్ కానిస్టేబుల్. మా అక్క మొగుడు. ఆయన మీసం చూస్తేనే సగం మంది నేరం ఒప్పేసుకుంటారు.

"అలాగేనండి. చేతికొచ్చేదాకా చెప్పకూడదండి, దిష్టి తగులుద్ది. డీజిలాండి, పెట్రోలాండి?"

నేను కంగుతిన్నాను. డీజిల్ తెలుసు. పెట్రోలు సంగతి వీడియోలో రాలేదు. ఇక్కడి రకం కాబోలు అనుకున్నాను. "డీజిల్ వద్దు. బుర్ర హోరెత్తిపోతుందంట."

"నిజమేనండి, డీజిల్ గోల గోలండి. పెట్రోలైతే ఎక్కినట్టే తెలీదండి."

"మరీ తెలీకపోతే ఎలా?"

"రోడ్డెక్కేక తెలుస్తాదిలెండి."

"పొగ ఎక్కువ వస్తుందా? ఇంట్లో అమ్మ ఉంటుంది."

"పొగనేదే రాదండి. వస్తే నన్నడగండి. కాగితాలు కూడా అన్నీ ఉన్నాయండి."

చుట్టుకోవడానికి కాగితాలు కూడా ఇతనే ఇస్తాడన్నమాట. ఎంత పద్ధతి గల మనిషి అనుకున్నాను. "మంచి సరుకేనా?"

"ఓ డాక్టరుగారు వాడిందండి. ఎంతో ప్రేమగా వాడేరండి."

"డాక్టరుగారే?"

"ఆయ్. ఆవిడగారు కూడా వాడేవోరండి. పిల్లలకైతే మరీ అలవాటైపోయిందండి, అమ్మేత్తంటే ఏడ్చేరండి."

"పిల్లలు కూడానా?"

"పిల్లలు వెనకాలండి."

పెద్దవాళ్ల వెనకాల దొంగచాటుగా అని అర్థం చేసుకున్నాను. ఎంత చదువుకున్న కుటుంబమైనా లోపల ఎవరి బాధలు వాళ్లవి అనుకుని నిట్టూర్చాను కూడా.

"కవరులో పెట్టి తీసుకురా, బయటికి కనపడకుండా."

"కవరు దాంతోపాటే ఇచ్చేత్తానండి. ఎక్కడికి తెమ్మంటారండి?"

"ఆదివారం పొద్దున్న చర్చి దగ్గరికి. అందరూ లోపల ఉంటారు, నేను మధ్యలో లేచి వస్తాను."

సత్తిబాబు ఎర్రటి కళ్లు మెరిశాయి. "చర్చి దగ్గరికాండి? శానా మంచి ఆలోచనండి."

మా వైపు సంగతి తెలియనివాళ్ల కోసం ఒక మాట. ఇల్లు కట్టినా, బోరు వేసినా, బండి కొన్నా మా వాళ్లు ముందు అయ్యగారి చేత ప్రార్థన చేయిస్తారు. అది నాకు తెలుసు. సత్తిబాబుకూ తెలుసు. సత్తిబాబుకు తెలుసన్న సంగతి మాత్రం నాకు ఆదివారం తెలిసింది.

ఆ ఆదివారం మా ఖర్మ కొద్దీ అక్కా బావా కూడా వచ్చారు. బావ నా పక్కనే కూర్చున్నాడు. పాటలయ్యాయి. నేను మెల్లగా లేద్దామని ఒక కాలు ముందుకు పెట్టాను. సరిగ్గా అప్పుడు అయ్యగారు చీటీ ఒకటి తీసి, మైకు దగ్గరికి నోరు తెచ్చారు.

"మన బిడ్డ బాబ్జీ ఇండికా తెప్పించుకున్నాడని సత్తిబాబుగారు కబురు పెట్టేరు. దేవుడికి స్తోత్రం. ఆరాధన అయ్యేక అందరం బయటికెళ్లి దాని కోసం ప్రార్థన చేద్దాం."

సంఘమంతా ఒక్క గొంతుతో ఆమెన్ అంది. నా పక్కనుంచి బావ కూడా అన్నాడు.

అప్పటినుంచి ప్రసంగం అయ్యేదాకా నా ఒంట్లోంచి కారిన చెమట, చిన్న కాలవకు వదిలితే ఓ మడి తడిసేది. పారిపోదామంటే పక్కన బావ. అయ్యగారికి కూడా ఇందులో వాటా ఉందా అన్న అనుమానం ఒకటి. డాక్టరుగారి ఇల్లంతా వాడగా లేనిది, ఏమో.

బయటికొచ్చాం. గేటు పక్కన సత్తిబాబు, చేతిలో బంతిపూల దండ, ముఖం నిండా నవ్వు. అతని వెనకాల ఏముందో చూసే ఓపిక నాకు లేదు. "తెచ్చేనండి బాబ్జీగారూ, మీరడిగిన ఇండికా" అన్నాడు, సంఘమంతా వినేలా. బావ నా భుజం మీద చెయ్యి వేశాడు. మెచ్చుకోవడానికే వేశాడట పాపం. నాకు మాత్రం అది అరెస్టులాగా తగిలింది. వెంటనే ఆయన రెండు చేతులూ పట్టేసుకున్నాను.

"బావా, నేనింకా ముట్టుకోలేదు. నిద్ర కోసం అడిగేనంతే. డీజిల్ వద్దన్నాను, పెట్రోలే అడిగేను. డాక్టరుగారి పిల్లలు కూడా వాడేరంట, వాళ్లనేం చెయ్యకుండా నన్నొక్కణ్ణే పట్టుకోవడం న్యాయం కాదు బావా."

బావ నా ముఖం చూశాడు, తర్వాత సత్తిబాబు ముఖం చూశాడు. "పిల్లలు వాడేరా?"

"ఆయ్, వాడేరండి. వెనకాల కూర్చునేవోరండి."

"ఎక్కడుంది సరుకు?"

"అదిగోనండి" అని సత్తిబాబు వెనక్కి తిరిగి, బూడిదరంగు కవరు ఒక్క లాగు లాగాడు. లోపల్నుంచి తెల్లటి ఇండికా కారు బయటపడింది. నాలుగు చక్రాలు, రెండు అద్దాలు, మూతికి పసుపు రంగు రిబ్బను.

బావ తాపీగా అడిగాడు. "నువ్వడిగింది ఇదేనా?"

మనిషికి దేవుడు రెండో అవకాశం ఇస్తాడని అయ్యగారు ఎన్నిసార్లు చెప్పారో లెక్కలేదు. ఇదిగో, ఇచ్చాడు. "ఆయ్, ఇదే బావా" అంటే అయిపోయేది. దండ వేసి, ప్రార్థన చేసి, అందరం భోజనాలకు వెళ్లిపోయేవాళ్లం. కానీ నా నోరు నాకంటే ముందే బయల్దేరింది.

"ఇది కాదు బావా. ఇండికా అంటే గంజాయి."

అమ్మ చేతిలోని విసనకర్ర గాల్లో ఆగిపోయింది. అయ్యగారు ప్రార్థనకు మూసిన కళ్లు తెరిచారు. అప్పుడు వెనకనుంచి, చెవులు సరిగా వినపడని మార్తమ్మ మామ్మగారు కర్ర తాటించుకుంటూ ముందుకొచ్చి, "గంజా నాయనా? దానికింత గొడవెందుకు. మా ఇంట్లో పొద్దున్నొంచిన గంజుంది, ఉప్పేసుకుని తాగు, నిద్దరదే వత్తాది" అంది.

బావ మీసం ఒకసారి వణికింది. "ఆయ్, గంజేనండి మామ్మగారూ. మావాడికి నోరు తిరగదు" అని అందరికీ వినపడేలా అని, నాకు మాత్రమే వినపడేలా "కారెక్కు" అన్నాడు.

సత్తిబాబు నడిపాడు. అమ్మ ముందు కూర్చుంది. వెనక సీటులో ఒక మూల నేను, నా పక్కన చట్టం. బండి రాజోలు రోడ్డెక్కింది.

"మెడికల్లో యూరిన్ ఎందుకు పడతార్రా?" అన్నాడు బావ.

"తెలీదు బావా."

"నీ ఒంట్లో ఉప్పు చూడ్డానికనుకున్నావా? ఇలాంటివి వాడేవోళ్లని పట్టుకోడానికి. నువ్వు నిజంగా తాగుంటే బీపీ సంగతి దేవుడెరుగు, అన్‌ఫిట్ నీ నుదుటి మీదే గుద్దేవోరు. ఇక్కడ దొరికితే గల్ఫు కాదు, జైలు. అందులో సెక్షన్లు ఏంటో తెలుసా? మొదటిది..."

మొదటిది ఏమిటో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ గోతుల రోడ్డు మీద సీటు ఊయలలా ఊగుతోంది. అద్దం చల్లగా నా తలకు తగిలింది. ఆరేళ్ల కంపెనీ వ్యాను ఒళ్లంతా గుర్తుకొచ్చింది. ఒక పోలీసాయన సెక్షన్లు చదువుతుంటే పక్కన గురక పెట్టిన ముద్దాయిని మా జిల్లాలో నేనొక్కణ్ణే అని బావ ఇప్పటికీ చెబుతుంటాడు. మెలకువ వచ్చేసరికి సాయంత్రమైంది. కారు మా కొబ్బరి చెట్ల కింద ఉంది. అమ్మ నా మీద కవరు కప్పింది, కారుదే.

"ఆడు చెప్పింది నిజమేనర్రా" అంటోంది అమ్మ ఎవరితోనో. "ఇండికాకి నిద్దరొత్తంది."

మెడికల్‌కు ఇంకా నాలుగు రోజులుంది. సత్తిబాబు బండి అలాగే వదిలేశాడు. రోజూ చీకటి పడ్డాక నన్ను దాన్లో ఎక్కించి బావ రెండు వీధులు తిప్పడం, నేను కూలబడడం, అలాగే తోటలో వదిలేయడం. పసిపిల్లల్ని భుజాన వేసుకుని తిప్పుతారు చూడండి, అలాగన్నమాట. కాకపోతే భుజానికి నాలుగు చక్రాలు. చివరికి హైదరాబాదు కూడా అందులోనే వెళ్లాం. దారి పొడుగునా నిద్రపోయాను.

డాక్టరమ్మగారు పట్టీ కట్టారు. మిషను చూశారు. మళ్లీ చూశారు.

"చాలా బాగా తగ్గిందే. రాత్రుళ్లు నిద్ర పడుతోందా?"

"పడుతోందండి."

"ఏం వాడారు?"

చెప్పాను. "ఇండికా అండి."

ఆవిడ చేతిలో పెన్ను ఆగిపోయింది. నా ఫైలు మూసి, నర్సు వైపు తిరిగి, "ఈయన యూరిన్ ఇంకోసారి తీసుకోండి" అన్నారు. తలుపు బయట నిలబడ్డ బావ లోపలికి ఒక్క పరుగున వచ్చి, "కారండీ, కారు" అని తాళాలు గాల్లో ఆడించి చూపిస్తే గాని ఆవిడ నమ్మలేదు. నమ్మి కూడా రెండోసారి తీసుకున్నారు.

ఫిట్ అయ్యాను. ఆ ఇండికాను బావే కొనుక్కున్నాడు. సత్తిబాబు వెల్డింగ్‌కు నల్ల కళ్లద్దాలు పెట్టుకోవడం మొదలుపెట్టాడు. మార్తమ్మ మామ్మగారు నేను కనపడితే చాలు గంజి తాగావా అని అడుగుతుంది.

కాబట్టి, ఫోనులో రకాలు చూసి మందు ఎంచుకోవడానికి ఇక జన్మలో పోనని, ఏ వస్తువైనా అడిగే ముందు దానికి చక్రాలున్నాయో లేవో కనుక్కుంటానని, అన్నిటికంటే ముఖ్యంగా, ఎవరూ అడగని సంగతి ఎవరి దగ్గరా నోరు జారనని, ఆ డాక్టరమ్మగారి గుమ్మం దిగుతూ కుడిచెయ్యి పైకెత్తి ఒట్టేశాను. ఆ ఒట్టు ఇవాళ్టిదాకా తప్పలేదు.

ఇంతకీ, ఈ కథ చెప్పమని నన్ను మీరెవరూ అడగలేదు కదా.