మర్యాదగా మోగిన ఫోన్లు

ఆ ఉదయం మా అక్క ఎలిశబెతు చేపల పులుసు దించి, గరిటె చివర రుచి చూసింది. “ఈరోజు ఎవురూ ముట్టబాకండి. రేపటికి ముక్కకి పులుపు పడతాది” అని మూత పెట్టి, గొడుగు తీసుకుని ఎక్స్‌చేంజీకి వెళ్లింది.

నెల్లూరు జిల్లా కోటకు తూర్పున, సముద్రానికి దగ్గరలో మా ఊరు. అరవై మూడులో అక్కడికి టెలిఫోను వచ్చింది. మిషన్ బడిలో చదివిన అక్కకు ఆపరేటరు ఉద్యోగం దొరికింది. ఇంట్లో ఎవరైనా ఫోను పిడి తిప్పితే, ఆమె ముందున్న బోర్డు మీద వాళ్ల నంబరు మూత టక్కున పడేది. ఆమె తాడు గుచ్చి, వాళ్లడిగిన చోటికి కలిపేది. తాళ్లు కొన్నే. మనిషి ఒక్కతే.

బోర్డు బిగించకముందే అక్కకు భయం పట్టుకుంది. చిన్నప్పుడు గాలివానలో జనమంతా చర్చిలోకి దూరబోయి గుమ్మంలో ఇరుక్కుంటే, అమ్మ చంకలో నలిగిన పిల్ల ఆమె. “అందరూ ఒక్కసారే వస్తే గుమ్మం కూడా గోడైపోతాదిరా” అనేది.

బోర్డు బిగించడానికి వచ్చిన చెంచురామయ్య గారిని బతిమాలింది. “సార్, ఇంకో మనిషి కూర్చునే చోటు ఇప్పుడే పెట్టించండి. తర్వాతంటే గోడ పగలగొట్టాల.”

“ఎందుకమ్మా? ఈ ఊళ్లో వచ్చే కాల్సుకి నువ్వు కునుకు తియ్యకుంటే అదే చాలు.”

“రోజూ సంగతి కాదు సార్. గాలివాన రోజు సంగతి. ఊరంతా పిడి తిప్పితే తీరానికి నేనెట్టా చెప్పాల?”

తీరంలోని పల్లెలన్నిటికీ ఒకటే ఫోను, ఉప్పు గిడ్డంగిలో. కాపలా ఉండే హుస్సేన్ సాహెబ్ కబురందుకుని కేకేస్తేనే పల్లె కదలాలి.

సరే, బోర్డు బిగించాక పరీక్ష పెడదామన్నారాయన. ఆదివారం రైసుమిల్లు కూత వెయ్యగానే అందరూ పిడి తిప్పాలని ఇంటింటికీ చెప్పించారు. నేను అక్క పక్కనే కూర్చున్నాను. కూత పడింది. బోర్డు మీద ఒక్క మూతా కదల్లేదు. కాసేపటికి పెద్దరెడ్డి గారిది పడింది. ఆ తర్వాత మునసబు గారిది. తర్వాత మిల్లుది. పెళ్లి బంతిలో పెద్దలు ముద్ద కలపకముందు ఎవరు కలుపుతారు? అట్లాగే ఒకరి వెనక ఒకరు. అక్క తీరిగ్గా అందరికీ పలికింది.

“చూశావా, బోర్డు బంగారం!” అన్నారు చెంచురామయ్య గారు.

కిరాణా కొట్టు మస్తానయ్యను అక్క నిలదీస్తే పగలబడి నవ్వాడు. “రెడ్డి గారికన్నా ముందు తిప్పి, నేను ఈ ఊళ్లో బతకొద్దా తల్లీ?”

“వీళ్లు చేసింది పరీక్ష కాదురా, మర్యాద” అంది అక్క ఇంటికొచ్చి. రెండో చోటు రాలేదు. మబ్బు పట్టిన రోజుల్లో ఆమెకు అన్నం దిగేది కాదు. ఆ భయం మెల్లగా ఇంటిల్లిపాదికీ పాకింది.

మూడేళ్లకు, నవంబరులో, పులుసు దించిన ఆ రోజే గాలివాన వచ్చింది. మధ్యాహ్నం అక్కను తీసుకురావడానికి పరిగెత్తాను. నెల్లూరు నుంచి హెచ్చరిక అప్పుడే అందింది. బయట పెంకులు లేస్తున్నాయి, లోపల మూతలు వడగళ్లలా రాలుతున్నాయి. ఆ రోజు ఎవరూ ఎవరికోసమూ ఆగలేదు. “లైను వదలండి, తీరానికి చెప్పాల” అంటున్న అక్క గొంతు పసిపిల్ల గొంతైపోయింది. చివరికి తాళ్లన్నీ పీకేసి, పడ్డ మూతలన్నిటినీ, ఏది ఎవరిదో చూడకుండా, అరచేత్తో ఒక్కసారే పైకి నెట్టి, గిడ్డంగికి గుచ్చింది. గంట కొట్టింది. ఎవరూ ఎత్తలేదు. మళ్లీ కొట్టింది.

“అక్కా, పోదాం రా. దూలం కదులుతుండాది.”

“వాళ్లకి తెలీదురా. పిల్లోళ్లుంటారు. నువ్వు అమ్మని బడి మిద్దెలోకి తీసకపో. వాళ్లు ఎత్తిన వెంటనే వస్తా.”

నేను గుమ్మం దాటుతుంటే ఆమె పళ్లు టకటకలాడటం వినిపించింది. చెయ్యి మాత్రం పిడి తిప్పుతూనే ఉంది.

ఆ సాయంత్రం కప్పు ఆమె మీద కూలింది.

తీరంలో ఒక్క ప్రాణమూ పోలేదని తెలిసి, ఆమె కబురు అందిందనే అనుకున్నాం. పాస్టరు గారు సమాధి దగ్గర అదే చెప్పారు. దాన్ని పట్టుకునే అమ్మ బతికింది.

అమ్మ పోయాక, కోట బజారులో హుస్సేన్ సాహెబ్ ఎదురుపడ్డాడు. నా చెయ్యి పట్టుకుని చెప్పాడు.

“మీ అక్క కబురు మాకు అందలే బాబూ. ఆ మధ్యాన్నమే అల గిడ్డంగి మెట్టెక్కింది. ఇంక ఆగకుండా పల్లెంతా తోలుకపోయినాం. పొయ్యేముందు, మేం పోతుండామని మీ అక్కకి ఒక మాట చెబుదామని పిడి తిప్పినా. ఎంతసేపు తిప్పినా పలకలే.”