పందొమ్మిది ‘ఏమోయ్’లు

తల్లిదండ్రులు పెట్టిన పేరు ఆవిడకీ ఒకటుంది. కానీ ఎవరినడిగినా నిదానమ్మ అనే చెబుతారు. ఇళ్ళకు వెళ్ళి కంప్యూటర్లు బాగుచేసేవాళ్ళు ఆ చుట్టుపక్కల నలుగురుంటే, మిగతా ముగ్గురూ గుమ్మంలో అడుగు పెట్టీ పెట్టకముందే, ‘అంతా చెరిపేసి మళ్ళీ కొత్తగా ఎక్కించేద్దామండీ’ అంటారు. తలనొప్పికి తల తీసేసే వైద్యం అది. నిదానమ్మ అలా అనదు. సొంతదారుణ్ణి కంప్యూటరు ముందు కూర్చోబెట్టి, తను వెనకాల కుర్చీ వేసుకుని, ‘మీరు రోజూ ఏం చేస్తారో అదే చెయ్యండి, నేను చూస్తుంటాను’ అంటుంది. పావుగంట దాకా మౌస్ ముట్టుకోదు. ఏ మీట నొక్కితే ఎన్ని సెకన్లకు ఏం జరిగిందో పొడుగాటి నోటుపుస్తకంలో రాసుకుంటుంది, అంతే.

‘కంప్యూటరు నత్తనడక నడుస్తోందని పిలిస్తే, దానికి తోడు ఇంకో నత్త వచ్చి కూర్చుంది’ అని చాటుగా నవ్వుకునేవాళ్ళు లేకపోలేదు. అది ఆవిడ చెవినా పడింది. నిదానమే ప్రధానం అని తనూ నవ్వేసి ఊరుకుంది. కానీ ఆ నిదానం పుట్టుకతో వచ్చింది కాదు.

పన్నెండేళ్ళ కిందట ఆవిడ కూడా మహా చురుకు. కాన్పులు చేసి రిటైరైన ఒక నర్సమ్మ ఇంటికి వెళ్ళి, గంటలో ఆ కంప్యూటరును కడిగిన ముత్యంలా చేసిపెట్టింది. చెత్తబుట్ట కూడా ఖాళీ చేసింది. నర్సమ్మ వచ్చి, ఆ చెత్తబుట్టే తెరిచి చూసి, ‘నా పుస్తకమేదమ్మా?’ అంది. తన చేతుల మీద పుట్టిన పిల్లలందరి వివరాలూ, పుట్టిన వేళ, బరువు, ఏడ్చిందీ ఏడవనిదీ, ఏళ్ళ తరబడి టైపు చేసి ఆ చెత్తబుట్టలో దాచుకుందట. చెత్తబుట్టలో ఎవరూ చెయ్యి పెట్టరు గనక మనవలు కెలకరని ఆవిడ లెక్క. ఎంత వెతికినా తిరిగి దొరకలేదు. నర్సమ్మ ఒక్క మాట కూడా తిట్టలేదు. ‘పోనీలే తల్లీ, పిల్లలైతే ఉన్నారుగా’ అంది. తిట్టి ఉంటే బాగుండేదని నిదానమ్మ ఇప్పటికీ అనుకుంటుంది. ఆ రోజు నుంచే ఆవిడ చెయ్యి నెమ్మదించింది.

ఇక ఆ మంగళవారం మధ్యాహ్నం సంగతి. పిలిచింది కండక్టరు గారి కూతురు. ముప్పై నాలుగేళ్ళు బస్సులో టిక్కెట్లు కొట్టిన మనిషి ఆయన. వెనక సీట్లో గురక పెట్టేవాణ్ణి కూడా లేపి వాడి స్టాపులో దింపగల గొంతు. రెండేళ్ళ కిందట ఆ గొంతులోనే పుండు పుట్టింది. ప్రాణం కావాలంటే స్వరపేటిక తీసెయ్యాల్సిందే అన్నారు డాక్టర్లు. ఆయన ససేమిరా అన్నాడు. భార్య ఏడ్చి, పోట్లాడి, రెండు పూటలు తిండి మానేసి మరీ ఒప్పించింది. ఆపరేషనుకు ముందు ఆస్పత్రిలో ఒకావిడ, రోజూ పనికొచ్చే మాటలన్నీ ఆయన చేతే చెప్పించి, ఇంటి కంప్యూటరులో ఒక ప్రోగ్రాం ఎక్కించి పెట్టింది. మీట నొక్కితే ఆయన గొంతే పలుకుతుంది. అది తయారుచేసినవాళ్ళు ఇప్పుడు దుకాణం కట్టేశారు. ఆ పాత ఆపరేటింగ్ సిస్టం మీద తప్ప అది నడవదు, ఒకసారి తీసేస్తే మళ్ళీ ఎక్కదు.

“ఇక దీంతో వేగలేమండీ” అంది కూతురు. “నాన్న మీట నొక్కిన అరనిమిషానికి గానీ మాట రాదు. మొన్న నేను ‘ఫ్యాను వెయ్యనా’ అనడిగాను. చడీ చప్పుడూ లేదు. ఈలోగా అన్నయ్య వచ్చి ‘ఉద్యోగం మానేస్తున్నా’ అన్నాడు. అప్పుడు పలికింది, ‘అలాగే, కానివ్వు’ అని! ఆ రోజంతా ఇంట్లో ఒకటే రభస.”

“మరి కొత్తది కొన్నారా?”

“కొనేశాం. సాయంత్రం ఐదింటికి తెచ్చిపెట్టి, దీన్ని పట్టుకుపోతారు. దాంట్లో మాట టక్కున వస్తుందట. కాకపోతే ఎవరో పరాయి మగమనిషి గొంతు. నాన్న ఒప్పుకోవడం లేదు. చివరిసారిగా మీరొకసారి చూస్తారని...”

గోడ గడియారంలో రెండున్నర. నిదానమ్మ తన పద్ధతి మానలేదు. కండక్టరు గారిని కూర్చోబెట్టి, వెనకాల కూర్చుంది. ఆయన ‘నీళ్ళు కావాలి’ మీట నొక్కాడు. ముప్పై ఎనిమిది సెకన్లు. ‘కొంచెం లోపలికి జరగండి’ నొక్కాడు. నలభై ఒకటి. ఆ మాట ఇంట్లో ఎందుకో ఆయనకే తెలియాలి. ఈ మధ్యలో ఆయన వేలు ఎడమవైపు పైమూల ఉన్న మీట దాకా వెళ్ళి, నొక్కకుండానే వెనక్కి వచ్చింది. ఒకసారి కాదు, మూడుసార్లు. నిదానమ్మ పుస్తకంలో ఆ మీట బొమ్మ గీసి చుట్టూ సున్నా చుట్టింది. ఏమీ అడగలేదు.

టీ ఇవ్వడానికి వచ్చిన భార్య గొంతు తగ్గించి, “ఆయనకి నా మీద కోపమమ్మా” అంది. “ఆపరేషనయ్యాక కూడా దీంట్లోంచి నన్ను పిలిచేవారు. ఆ పిలుపు విని మూడు నెలలైంది. నీళ్ళు కావాలంటారు, తలుపు వెయ్యమంటారు. అవి ఇంట్లో ఎవరికైనా చెప్పేవేగా? ఆ గొంతు కోయించింది నేనే. అది ఇప్పుడు గుర్తొచ్చినట్టుంది.”

కాగితం మీద రాసి చూపించవచ్చు గదా అంటారా? వంటింట్లో అటు తిరిగి ఉన్న మనిషికి కాగితం వినపడదు.

పావుగంటయ్యాక నిదానమ్మ మౌస్ అందుకుంది. కంప్యూటరులో ఏ ప్రోగ్రాం ఎంత మెమరీ తింటోందో చూపించే పట్టిక తెరిచింది. నూటికి తొంభై ఎనిమిది పాళ్ళు నిండిపోయి ఉంది. తినేదెవరా అని చూస్తే మూడు పేర్లు తేలాయి.

“ఇవి ఎవరు వేశారండీ?”

లోపలి గదిలోంచి కొడుకు వచ్చాడు. “మొదటి యాంటీవైరసు నేనే వేశానండీ. నాన్న కంప్యూటరు కదా, జాగ్రత్తగా ఉంటుందని.”

“రెండోది నేను” అంది కూతురు. “నువ్వు వేసినట్టు నాతో చెప్పి చచ్చావా?”

భార్య చీర కొంగు వేలికి చుట్టుకుంది. “చీపురు బొమ్మ ఉన్నది నేను. కంప్యూటరులో చెత్తంతా ఊడ్చేస్తుందని పక్కింటి అక్కయ్య చెప్పింది. అదేదో అడిగితే ‘సరే’ అని నొక్కాను.”

మంది ఎక్కువైతే మజ్జిగ పలచన. ముగ్గురికీ ఆయన మీద ప్రేమే. ప్రేమను ఒకళ్ళకు తెలియకుండా ఒకళ్ళు తెచ్చి దాంట్లో పోశారు. ఇప్పుడు మొదటిది రెండోదాన్ని దొంగంటుంది, రెండోది మొదటిదాన్ని దొంగంటుంది, చీపురు ఇద్దరి కాళ్ళ కిందా ఊడుస్తూనే ఉంటుంది. ఈ ముగ్గురూ తనిఖీ చేసి వదిలితే గానీ ఆయన మాట బయటికి రాదు.

“మీ మాటకి మూడు చోట్ల టిక్కెట్టు చెకింగండీ కండక్టరు గారూ! ఇంక అదెప్పుడు దిగుతుంది?” అంది నిదానమ్మ. ఆయన భుజాలు కదిలేలా, చప్పుడు లేకుండా నవ్వాడు.

రెండో యాంటీవైరసు తీసి కంప్యూటరును మళ్ళీ లేపేసరికి మూడున్నర దాటింది. మొదటిది మొండిది, ఒక పట్టాన పోలేదు. అది వదిలేసరికి ఐదుకు పది నిమిషాలు. చీపురు మిగిలింది. సరిగ్గా అప్పుడే గుమ్మంలో బెల్లు మోగింది. కొత్త కంప్యూటరు తెచ్చిన దుకాణం మనుషులిద్దరు, మధ్యలో పెద్ద అట్టపెట్టె.

“తొందరగా ఇప్పించండమ్మా, ఇంకా రెండిళ్ళున్నాయి” అన్నాడు ముందున్న అతను.

తెర మీద చీపురు ఆఖరి ప్రశ్న అడుగుతోంది. ‘పక్కన పెట్టిన అనవసరపు కాపీలను కూడా శాశ్వతంగా తొలగించమంటారా?’ కింద ‘అవును’ అని పెద్ద పచ్చటి అక్షరాలు. ‘వద్దు’ అన్నది కంటికి ఆనీ ఆనకుండా ఉంది.

“అవుననండి, చెత్తేగా!” అంది కూతురు గుమ్మం వైపు చూస్తూ.

నిదానమ్మ వేలు మౌస్ మీదే ఉంది. నొక్కితే పనైపోతుంది. ఆవిడకు నర్సమ్మ ముఖం గుర్తొచ్చింది. చెయ్యి వెనక్కి తీసుకుంది.

“ఆ చెత్తేమిటో చూసి తీద్దాం.”

“ఇప్పుడా?”

“ఇప్పుడే.”

‘వద్దు’ నొక్కి, పక్కన పెట్టినవాటి జాబితా తెరిచింది. ఏమోయ్ ఒకటి, ఏమోయ్ రెండు, ఏమోయ్ మూడు... అలా పందొమ్మిది. అన్నిటికీ ఒకే పేరు, ఇంచుమించు ఒకే పరిమాణం. ఒకటి ఉంటే చాలదా అనుకుని, ఆ ఒక్కటీ మిగల్చకుండా చీపురు మొత్తం కట్టగట్టి పక్కన పడేసింది. తేదీ చూస్తే మూడు నెలల కిందటిది.

కండక్టరు గారు కుర్చీలోంచి లేచాడు. నిదానమ్మ పుస్తకం లాక్కుని రాశాడు. ‘నేనే ఏదో నొక్కి పోగొట్టాననుకున్నా. ఆవిడకి చెప్పడానికి నోరు రాలేదు.’ తను రాసింది తనే చదువుకుని, ‘నోరు’ కొట్టేసి ‘ధైర్యం’ అని దిద్దాడు. కింద ఇంకో ముక్క రాశాడు. ‘ఒక్కటి చాలు అన్నారు ఆస్పత్రిలో. పొద్దున పిలిచేది వేరు, కోపంలో పిలిచేది వేరు. ఒక్కటి ఎలా సరిపోతుంది?’

నిదానమ్మకు కళ్ళు చెమర్చాయి. అన్నిటినీ ఎంచి, వాటి చోటుకు వాటిని తిరిగి పంపింది. అప్పుడు చీపురును సాగనంపి, కంప్యూటరును ఆపి మళ్ళీ లేపింది. దుకాణం మనుషులు వాచీలు చూసుకుంటున్నారు. వాళ్ళ కోసం టీ పెట్టడానికి భార్య అప్పటికే వంటింట్లోకి వెళ్ళింది.

తెర వెలిగింది. ఆయన వేలు పైమూల మీట దాకా వెళ్ళి ఆగింది. నిదానమ్మ తల ఊపింది. నొక్కాడు.

“ఏమోయ్!”

ఒక్క సెకను కూడా పట్టలేదు. వంటింట్లోంచి, ఏళ్ళ తరబడి అలవాటైన విసుగుతో, “ఆఁ, వస్తున్నా!” అని జవాబొచ్చింది. ఆ వెంటనే గిన్నె కింద పడింది.

ఆవిడ తడి చేతులతోనే వచ్చి గుమ్మంలో నిలబడింది. “ఇది... ఇది ఎక్కడికి పోయిందమ్మా ఇన్నాళ్ళూ? ఎవరు తీసేశారు?”

నిదానమ్మ పుస్తకం మూసి సంచిలో పెట్టుకుంది. “ప్రోగ్రాం పొరపాటండీ. మనుషుల తప్పేం లేదు.”

అట్టపెట్టె విప్పకుండానే వెనక్కి వెళ్ళింది. కండక్టరు గారికి వేలు ఆగలేదు, ఇంకోసారి నొక్కాడు. వరసలో రెండోది కోపంలో చెప్పినదట, గోడలు అదిరేలా పలికింది.

“వచ్చానుగా!” అంది భార్య, కళ్ళు తుడుచుకుంటూ. “ఎదురుగానే ఉంటే మళ్ళీ ఆ అరుపెందుకు?”