గోడాదరా బడి, రెండు తాళాల బీరువా

2023 జూన్. సూరత్‌లో బడులు తెరిచారు, ఆకాశానికి చిల్లు పడింది, నేను కొత్త ఉద్యోగంలో చేరాను. మూడింటిలో ఏది పెద్ద విపత్తో ఇప్పటికీ తేల్చుకోలేకపోయాను.

ఆ ఉద్యోగం ఏమిటో చెప్పడం కొంచెం కష్టం. విజిటింగ్ కార్డు మీద ‘పార్ట్‌నర్‌షిప్ మేనేజర్’ అని ఉంటుంది. పిల్లల చదువుల మీద పరిశోధన చేసేవాళ్లకీ, ఊళ్లో బడులు నడిపే కార్యాలయానికీ పొత్తు కుదర్చడం, కుదిరాక అది తెగిపోకుండా కాపలా కాయడం నా పని. మా నాన్నగారు ఉధనా స్టేషన్లో పార్సిల్ గుమాస్తాగా చేసేవారు. “ఇక్కడి సరుకు అక్కడికి, అక్కడి సరుకు ఇక్కడికి. పగిలితే తిట్లు మాత్రం మనకి” అనేవారు. మా వంశానికి వేరే పని రాదేమో. మా అమ్మ మాత్రం నాది పెళ్ళిళ్ళ పేరయ్య పని అనే నమ్ముతుంది. ఆవిడకి నేనెప్పుడూ ఎదురు చెప్పలేదు, ఎందుకంటే అది నిజం. పరిశోధకులు మగపెళ్లివారిలా వచ్చి అన్నీ కొలుస్తారు. కార్యాలయం ఆడపెళ్లివారిలా ఫొటో తీయించుకుని టీ ఇచ్చి పంపేస్తుంది.

ముందుగా రెండు పక్షాలూ ‘ఎంఓయూ’ మీద సంతకం చేయాలి. ఎవరు ఎవరికి ఏం చేస్తారో రాసుకునే అవగాహన పత్రం అది. అవగాహన దాని పేరులో తప్ప ఇంకెక్కడా కనబడదు. కార్యాలయంలో మా ఫైలు చూసే అధికారిని అందరూ సాహెబ్ అనేవాళ్లు. మంచి మనిషి. దేనికైనా ఆయనది ఒకటే జవాబు: “థై జశే.” అయిపోతుంది అని అర్థం. ఎప్పుడు అని అడగడం గుజరాత్‌లో మర్యాద కాదు. ఆ మాట విని విని నా జుట్టు సగం తెల్లబడింది, మిగతా సగం డుమస్ సముద్రపు గాలికి ఎగిరిపోయింది.

మగపెళ్లివారి తరఫున వచ్చింది డాక్టర్ శ్రావణి. హైదరాబాదులోని ఒక పరిశోధన సంస్థ మనిషి. ఒక పక్క తెలుగు, ఒక పక్క గుజరాతీ అచ్చేసిన బొమ్మల పుస్తకాలు పిల్లలకిస్తే చదవడం తొందరగా వస్తుందా అన్నది ఆవిడ ప్రశ్న. రెండేళ్ల అధ్యయనం. కొన్ని బడులకి పుస్తకాలిస్తారు, వాటిని ‘ట్రీట్‌మెంట్’ అంటారు. కొన్నిటికి అధ్యయనం ముగిసేదాకా ఇవ్వరు, వాటిని ‘కంట్రోల్’ అంటారు. ఎవరు ఏ గట్టున పడాలో లాటరీ తేలుస్తుంది, అదే ‘ర్యాండమైజేషన్’. సిఫార్సుకి తావు లేని పద్ధతి అని శ్రావణి ఎంతో గర్వంగా చెప్పింది. సిఫార్సుకి తావు లేదన్న మాట వినగానే సగం మంది హెడ్‌మాస్టర్లకి మా మీద నమ్మకం పోయింది.

లాటరీలో గోడాదరాలోని తెలుగు బడికి ట్రీట్‌మెంట్ వచ్చింది. మరమగ్గాల మధ్య ఇరుక్కుని ఉంటుంది ఆ బడి. ఆ వీధుల్లో మగ్గాల చప్పుడు ఎంతంటే, అక్కడ పుట్టిన పిల్లలు తొలి ఏడుపే గొంతు పెంచి ఏడుస్తారు. హెడ్‌మిస్ట్రెస్ రమాదేవి గారిది నల్లగొండ నుంచి వచ్చి మూడు తరాలుగా ఇక్కడే నేత పని చేసుకుంటున్న కుటుంబం. నేను లాటరీ కబురు చెబితే పుస్తకాల ఊసే ఎత్తలేదావిడ.

“ఎన్నేండ్లు నడుస్తది సార్ ఇది?”

“రెండేళ్లండి.”

“ఈ రెండేండ్లు మా బడిని ఇక్కడికెంచి కదిలియ్యరు గద?”

అప్పుడు అర్థమైంది నాకు. పిల్లలు తగ్గుతున్నారని ఆ బడిని పెద్ద రోడ్డు అవతల ఇంకో భవనంలో కలపాలని కార్యాలయంలో ఒక ప్రతిపాదన తిరుగుతోంది. మధ్యలో ఉన్నది రోడ్డా, బట్టల మూటల లారీలు ప్రవహించే నదా అన్నది దాటినవాళ్లకే తెలుస్తుంది. తల్లులు ఇంట్లో చీరలకి రాళ్లు అంటిస్తుంటారు, తండ్రులు మగ్గం షిఫ్టులో ఉంటారు. చిన్నపిల్లల్ని రోజూ ఆ రోడ్డు దాటించే తీరిక ఎవరికీ లేదు.

“అవతలికి పోతే ఆడపిల్లలు సగం మంది బంద్ అయితరు” అన్నారు రమాదేవి గారు. “మీ లిస్టుల మా బడి పేరుంటే జర ఆగుతరని నా ఆశ.”

“బడిని కదపకూడదని ఎంఓయూలో ఎక్కడా లేదండి” అన్నాను.

“లేకుంటె లేకపాయె. పేరైతె ఉండనియ్యుండ్రి.”

పుస్తకాలు వచ్చాయి, బీరువా వచ్చింది. విరిగిన బెంచీలు పడేసే గదిని ఆవిడే దగ్గరుండి కడిగించారు. ఆ గదిలోంచి బయటపడ్డ దుమ్ముతో తాపీ నదికి ఇంకో గట్టు కట్టవచ్చు.

అసలు తిప్పలు అక్కడే మొదలయ్యాయి. ఆ భవనంలో ఉన్నది ఒక బడి కాదు. పొద్దున తెలుగు బడి, మధ్యాహ్నం గుజరాతీ బడి. గోడలు అవే, బెంచీలు అవే, నల్లబల్లలు అవే. హెడ్‌లు ఇద్దరు. గంటలు రెండు. ఒకరి సుద్దముక్క ఇంకొకరు ముట్టకూడదు. పొద్దుటివాళ్లు వెళ్తూ తమ అల్మారాలకి తాళం వేస్తారు, మధ్యాహ్నం వాళ్లు వస్తూ తమవి తెరుస్తారు. చీపురుకి కూడా తాళం వేసిన బడి ప్రపంచంలో ఇదొక్కటేనని నేను ప్రమాణం చేసి చెప్పగలను. హైదరాబాదులో కూర్చుని కంప్యూటర్లో లాటరీ తీసినవాళ్లకి జాబితాలో రెండు బడులు, రెండు నంబర్లు కనబడ్డాయి. పొద్దుటి బడికి ట్రీట్‌మెంట్ వచ్చింది, మధ్యాహ్నం బడికి కంట్రోల్. అంటే ఒకే గదిలో ఒకే బీరువా మధ్యాహ్నం దాకా పుస్తకాలు ఇస్తుంది, ఆ తర్వాత పరిశోధన కోసం నోరు మూసుకుంటుంది.

మధ్యాహ్నం బడి హెడ్‌మాస్టర్ హస్ముఖ్‌భాయ్ నన్ను పిలిపించాడు. పేరుకి తగ్గట్టు నవ్వుముఖమే, ఆ రోజు మాత్రం నవ్వు సెలవు పెట్టింది.

“భాయ్, నా పిల్లలు అద్దాల బీరువాలో పుస్తకాలు చూస్తారు, తీయకూడదు. ఇది బడా, మిఠాయి దుకాణమా?” అన్నాడు గుజరాతీలో.

“మీరు కంట్రోల్ అండి.”

“నన్ను ఎవరు కంట్రోల్ చేసేది?”

ఆ పూటే వెళ్లి బీరువాకి తన తాళం కూడా వేశాడు. తన పిల్లలకి దక్కనిది పొద్దుటివాళ్లకి మాత్రం ఎందుకు దక్కాలని. మర్నాడు రమాదేవి గారి ఫోన్.

“ఏంది సార్ గిది? మీ పుస్తకాలు చదవాల్నంటె ముందుగాల హస్ముఖ్‌భాయ్ కాళ్లు మొక్కాల్నా?”

నాలుగు సార్లు టీ తాగించి, ఒక ఆదివారం డుమస్ తీసుకెళ్లి టమాటా బజ్జీలు తినిపించాక, ఆయన పొద్దుటిపూట తాళం తీయించడానికి ఒప్పుకున్నాడు. ఒక తాళం తీయించడానికి ఒక మనిషికి అన్ని బజ్జీలు పెట్టిన విద్యా పరిశోధన ఇంకొకటి ఉండదు.

హమ్మయ్య అనుకుంటుండగా బడి చూస్తానని శ్రావణి వచ్చింది. సరిగ్గా షిఫ్టు మారే వేళ గేటు దగ్గర నిలబడ్డాం, వానలో. గోడాదరాలో ఒక అలవాటుంది. తిరిగి ఊరికి పోవాల్సి వస్తే పనికొస్తుందని ఒక బిడ్డని తెలుగు బడిలో వేస్తారు, ఇక్కడే ఉండిపోతే పనికొస్తుందని ఇంకో బిడ్డని గుజరాతీ బడిలో వేస్తారు. ఇద్దరికీ కలిపి ఒకటే సంచి కొంటారు. తెలుగు బడి వదలగానే అక్క తన నోటుపుస్తకాలు తీసుకుని సంచి తమ్ముడి భుజానికి తగిలిస్తుంది, వాడు గుజరాతీ బడిలోకి పరిగెత్తుతాడు. ఆ గేటు దగ్గర అలా ఎన్ని సంచులు చేతులు మారాయో చెప్పలేను. మా రెండు భాషల పుస్తకం సంచిలోనే ఉండిపోతుంది. అక్క ఎడమ పేజీ చదివింది, తమ్ముడు కుడి పేజీ చదువుతాడు.

నాకు కళ్లు చెమర్చాయి. శ్రావణికి ముఖం పాలిపోయింది.

“స్పిల్‌ఓవర్” అంది. ఒక బడికి ఇచ్చింది పక్క బడికి కారిపోవడం అన్నమాట. అలా కారితే రెండిటికీ తేడా కొలవలేం.

“పిల్లలు చదువుతున్నారు కదండీ” అన్నాను.

“అదే కదండీ నా బాధ. ఎవరు దేనివల్ల చదువుతున్నారో ఎలా చెప్పను? ఈ బిల్డింగ్‌ని స్టడీలోంచి తీసేయాల్సిందే.”

పిల్లలు చదువుతున్నారని బాధపడే మనిషిని నేను మొదటిసారి చూశాను. అయినా ఆవిడ తప్పు లేదు. రేపు ఈ లెక్క నమ్మి ఇంకో నగరం పుస్తకాలు కొంటుంది, లెక్క కలుషితమైతే అబద్ధం కొన్నట్టు. అది నాకూ తెలుసు. కానీ గోడాదరా పేరు జాబితాలోంచి పోతే రోడ్డు అవతలి భవనం సిద్ధంగా ఉంది. వెనక్కి తిరిగి చూస్తే రమాదేవి గారు గొడుగు లేకుండా నిలబడి అంతా వింటున్నారు.

“తీసేస్తరా మేడం?” అన్నారు.

శ్రావణి తన గొడుగు రమాదేవి గారి మీదికి జరిపింది. అది చూసి నాకు ఆవిడ మీద కొంచెం గౌరవం కలిగింది.

తిరుగు ప్రయాణంలో ఆటోలో నేను నోరు విప్పాను. బడిని కాకుండా భవనాన్ని ఒక యూనిట్‌గా తీసుకుంటే? రెండు షిఫ్టులూ ఒకే గట్టున ఉంటే ఇక కారేదేముంది? పిల్లలకి ముందుగా పెట్టే ‘బేస్‌లైన్’ పరీక్ష ఇంకా మొదలు కాలేదు కాబట్టి లాటరీ మళ్లీ తీయవచ్చని శ్రావణి ఒప్పుకుంది. తన పైవాళ్లని ఒప్పించడానికి ఆవిడ పడ్డ పాట్లు ఆవిడ రాసుకోవాలి. ఇచ్చిన పుస్తకాలన్నీ వెనక్కి తీసుకుని మళ్లీ మొదలుపెట్టాలన్నది షరతు.

ఈసారి కంప్యూటర్ వద్దు, అందరి ముందూ చీటీలు తీయాలని హెడ్‌లు పట్టుబట్టారు. సాహెబ్ గదిలో సమావేశం. సూరత్ వాళ్ల శనగపిండి టిఫిను లోచో తెచ్చిన డబ్బా ఖాళీ చేసి అందులో చీటీలు వేశారు. ఆధునిక గణాంక శాస్త్రం శనగపిండి వాసన కొట్టిన రోజు అదే. గోడాదరా చీటీ హస్ముఖ్‌భాయే తీశాడు. విప్పాడు. చదివాడు. రమాదేవి గారి వైపు చూసి, అక్కకి చావుకబురు చెప్పేవాడిలా గొంతు తగ్గించాడు.

“కంట్రోల్, బేన్. ఇద్దరం.”

 రెండేళ్ల దాకా పుస్తకాలు లేవు. ఆవిడ కడిగించిన గది ఉంది, బీరువా ఉంది, అంతే. ఓదార్చబోయాను గానీ ఆవిడ నా వైపు చూడలేదు. శ్రావణి వైపు తిరిగారు.

“మేడం, కంట్రోల్ అంటే మల్ల ఒకసారి చెప్పుండ్రి. మేమేం చెయ్యాలె?”

“ఏమీ చేయక్కర్లేదండి. ఇదివరకు ఎలా ఉందో రెండేళ్లూ అలాగే ఉండాలి. మార్పు ఉండకూడదు.”

“టీచర్లు?”

“వాళ్లే.”

“టైమింగు?”

“అదే.”

“బిల్డింగు?”

శ్రావణి రమాదేవి గారి ముఖంలోకి చూసింది. ఆవిడకి అప్పుడు వెలిగింది. నాకు అంతకంటే ఆలస్యంగా.

“బిల్డింగ్ కూడా అదేనండి. అది మారితే నా లెక్క పోతుంది.”

“అయితె గా మాట ఎంఓయూల రాసి సాహెబ్‌తోని సంతకం పెట్టియ్యుండ్రి.”

నేను దాన్ని గుజరాతీలోకి మార్చి సాహెబ్‌కి వినిపించాను. ఆయన లోచో ముక్క నోట్లో పెట్టుకుని ఆలోచించాడు. “కంట్రోల్ బడులకి కొత్తగా మేము ఏమీ ఇవ్వక్కర్లేదు, ఏమీ మార్చక్కర్లేదు. అంతేనా?”

“అంతే సాహెబ్.”

“థై జశే” అన్నాడు. నా సర్వీసులో ఆ మాట అన్న రోజే సంతకం పడడం అదొక్కసారే చూశాను.

దీపావళి సెలవుల తర్వాత బడుల విలీనం ఫైలు ఆయన బల్ల మీదికి వచ్చింది. నాకు ఫోన్ వచ్చింది. “నా చేత నా చేతులే కట్టించావు కదయ్యా” అంటూ నాకు తెలియని గుజరాతీ కూడా కొంత నేర్పించాడు. కానీ సంతకాన్ని మాత్రం గౌరవించాడు. బడి కదల్లేదు.

అంతకు ముందే, చీటీలు తీసిన వారంలో, పుస్తకాలు టెంపోలో ఎక్కించిన రోజు నేనూ అక్కడ ఉన్నాను. తెలుగు బడి పిల్లలు వరండాలో వరసగా నిలబడి చూశారు. ఎలుక పిల్ల ఓడ ఎక్కే కథ సగంలో ఉందట. చివరికి ఏమైంది సార్ అని ముందు వరస అంతా నన్నే అడిగింది. రెండేళ్లు ఆగండి అని చెప్పే ధైర్యం నాకు లేకపోయింది.

రమాదేవి గారు ముందుకొచ్చి “లోపలికి నడువుండ్రి, నేను చెప్త” అన్నారు. తర్వాత నా చెవిలో, “కతలు నేను ఎప్పటి సంది నోటితోనే చెప్పుకుంట వస్తున్న. పాత పద్ధతే. మేడంకి ఏం ఇబ్బంది ఉండదు గద అన్నా?” అన్నారు. సార్ పోయి అన్నా అయినందుకు సంతోషించాలో, భయపడాలో తెలియలేదు. శ్రావణికి ఫోన్ చేసి అడిగాను. ముందు ఆ కథ ఏ పుస్తకంలోదో అడిగింది. చివరికి, “ఆ ఎలుక కథ కాకుండా ఇంకేదైనా చెప్పమనండి” అంది.

ఖాళీ బీరువాకి ఇద్దరు హెడ్‌ల తాళాలూ ఇంకా వేలాడుతూనే ఉన్నాయి. అడిగితే, రేపు పుస్తకాలు వచ్చినప్పుడు ఎవరిది హక్కో ఇప్పుడే తేలాలని ఇద్దరూ విడివిడిగా ఒకటే మాట చెప్పారు.

పొత్తు కుదర్చడానికి ఇప్పుడు ఏ బడికి వెళ్లినా, నేను ఆఫీసు గదిలోకి ముందుగా వెళ్లను. షిఫ్టు మారే వేళ గేటు దగ్గర నిలబడతాను. ఏ సంచి ఎవరి భుజం మీది నుంచి ఎవరి భుజం మీదికి మారుతుందో చూస్తాను. ఆ తర్వాత హెడ్‌ని, మీకేం కావాలి అని అడగను. మీరు దేనికి భయపడుతున్నారు అని అడుగుతాను. ఎంఓయూ కాగితం అప్పటిదాకా నా సంచిలోనే ఉంటుంది.