నా ఓటు మీకే, సార్

షికాగో దగ్గర నేపర్‌విల్‌లో ఇల్లు కొన్న కొత్తలో ఒక శనివారం సాయంత్రం బెల్ మోగింది. తలుపు తీస్తే, చేతిలో కాగితాలు పెట్టిన అట్టతో ఓ పొడవాటి మనిషి. రాష్ట్ర అసెంబ్లీకి పోటీ చేస్తున్నానని, మీ మద్దతు కావాలని అన్నాడు. వంటింట్లో మిరపకాయ బజ్జీలు వేగుతున్నాయి. గుమ్మంలోకొచ్చిన మనిషిని ఉత్త చేతులతో పంపడం నాకు చేతకాదు. నాలుగు బజ్జీలు, అల్లం టీ ఇచ్చి, "నా ఓటు మీకే, సార్" అనేశాను.

ఆయన అటు వెళ్ళగానే మా ఆవిడ చిల్లుల గరిటెతో సహా వచ్చింది. "హెచ్-వన్ వీసా మీద ఉన్నోళ్ళకి ఓటేంటండీ?"

"ఇంటికొచ్చి అడిగితే లేదని ఎలా చెప్తామే?"

మా వైపు ఏ పార్టీవాళ్ళొచ్చినా అదే మాట చెప్తాం. చెప్పేవాళ్ళకీ వినేవాళ్ళకీ అది ఉత్త మర్యాదని తెలుసు. అమెరికాలో దాన్ని అబద్ధం అంటారన్న సంగతి నాకప్పుడు తట్టలేదు.

ఆయన గెలిచాడు. రెండేళ్ళకి మళ్ళీ వచ్చాడు. మళ్ళీ బజ్జీలు, మళ్ళీ అదే మాట. తర్వాత రాష్ట్ర సెనెట్‌కి నిలబడి మూడోసారి వచ్చాడు. అప్పటికి నాకు గ్రీన్ కార్డు వచ్చింది గానీ ఓటు రాలేదు. అయినా నోరు ఊరుకోలేదు. కొన్నాళ్ళకి ప్రెసిడెంట్ ఆయన్ని ఫెడరల్ జడ్జిగా నామినేట్ చేశాడు. బతికున్నంతకాలం ఉండే పదవి, ఇక ఎవరి గుమ్మం ఎక్కక్కర్లేదు. ఆ పదవి ఖాయం చేసేముందు వాషింగ్టన్‌లో ఆయన్ని ప్రశ్నలడుగుతుంటే, ఆఫీస్ మీటింగ్ మ్యూట్‌లో పెట్టి మరీ చూశాను. మా బజ్జీలు తిన్న మనిషి కదా!

తర్వాత సిటిజన్‌షిప్‌కి అప్లై చేశాను. అమెరికా పౌరుణ్ణని ఎప్పుడైనా ఎవరికైనా అబద్ధం చెప్పారా అని ఫారంలో ఒక ప్రశ్న. ఓటు మీకే అన్నానంటే పౌరుణ్ణని చెప్పినట్టే కదా! లేదని టిక్ పెట్టాను. ఇంటర్వ్యూ గండమూ గడిచింది. ప్రమాణం రోజు మా ఆవిడతో రైలెక్కి షికాగో వెళ్ళి కోర్టు హాల్లో కూర్చుంటే, నల్ల గౌనులో వచ్చి జడ్జి కుర్చీలో కూర్చున్నది ఆయనే.

ఇన్నేళ్ళు ఎదురుచూసింది చేతికందే వేళకి, నా అబద్ధానికి ముమ్మారు సాక్షి ఎదురుగా ఉన్నాడు. సర్టిఫికెట్లు కూడా తన చేత్తోనే ఇస్తున్నాడు. "నోరు మెదపకండి, థాంక్యూ అని వచ్చేయండి" అని మా ఆవిడ గిల్లి పంపింది.

నేను సర్టిఫికెట్ ఒక కొస పట్టుకున్నాను. ఆయన రెండో కొస వదల్లేదు.

"నా ఓటర్ల లిస్టులో మీ ఇల్లు ఏ రోజూ లేదు," అన్నాడు మెల్లగా. "మొదటిసారి పొరపాటున మీ తలుపు కొట్టాను."

"మరి తర్వాత రెండుసార్లు ఎందుకొచ్చారు, సార్?"

"బజ్జీల కోసం," అని కాగితం వదిలేశాడు.

మొన్న నవంబర్‌లో మొదటిసారి ఓటేయడానికి వెళ్ళాను. ఉండదని తెలిసీ, బ్యాలెట్ మీద పైనుంచి కిందిదాకా రెండుసార్లు ఆయన పేరే వెతికాను.