సామెతల గథోగో సూటి మాట

గథోగో నోటి వెంట ఒక్క సూటి మాట వచ్చిందని ఒథాయా ఊరి పైనున్న ఆ కొండవాలులో ఎవరూ విన్న పాపాన పోలేదు. కూరలో ఉప్పు తగ్గితే తగ్గిందని చెప్పడు. మేక మీదున్న సామెత ఒకటి అందుకుంటాడు, పెళ్లాం ఉప్పు డబ్బా తెచ్చి ముందు పెడుతుంది. తేయాకు తూకం దగ్గర తూచేవాడి వేలు కాస్త బరువెక్కిందనిపిస్తే హైనా సామెతలో మొదటి సగం గాలిలోకి వదిలి ఆకాశం చూస్తాడు. రెండో సగాన్ని వరసలో నిలబడ్డ ఆడవాళ్లు గొంతు కలిపి పూర్తి చేస్తారు. తూచేవాడు కిక్కురుమనకుండా మళ్లీ తూస్తాడు.

సగమే చెప్పడం అక్కడి మర్యాద. మొత్తం చెప్పేస్తే ఎదుటివాడికి బుర్ర లేదని మొహాన అన్నట్టే లెక్క. ఏ సామెతకు అర్థమేమిటని కుర్రకారు అడిగితే గథోగో నవ్వేవాడు. ఎవరి మొహం చూసి వదిలామన్నదాన్ని బట్టి అర్థం మారిపోతుందనేవాడు. పాత తేనెపెట్టె సామెత చావింట్లో ఓదార్పు, పెళ్లింట్లో వెటకారం, పెళ్లాంతో అంటే మాత్రం బతిమాలడం. ఆఖరిది ఆయన సొంత అనుభవం.

పిల్లనడగడానికి వెళ్లే ప్రతి గుంపూ ముందు ఆయన గుమ్మమే తొక్కేది. ఆ మాటలు జరిగేచోట సూటిగా మాట్లాడటమంటే నలుగురిలో గుడ్డలిప్పుకుని నిలబడటమే. మీ పిల్లను మావాడికివ్వండి అని ఎవడైనా తిన్నగా అన్నాడా, ఆ సంబంధం అక్కడితో సరి. మా గొర్రెపిల్ల ఒకటి తప్పిపోయింది, దాని అడుగులు మీ వాకిలి దాకా వచ్చి ఆగాయి అని మొదలుపెట్టాలి. మా మందలో చాలా ఉన్నాయి, మీది ఏదో ఎలా పోల్చుకోవడం అని పిల్ల తండ్రి గడ్డం నిమరాలి. అటు సగం, ఇటు సగం సామెతలు ఎగురుతుంటే పొద్దు వాలిపోయేది. చిట్టచివర పిల్లను పిలిచి, సొరకాయ బుర్రలో తేనె కల్లు పోసి, ఇది మేం తాగొచ్చా అమ్మా అని అడుగుతారు. ఆ పిల్ల ఒక గుక్క తాగి బుర్రను ఆ అబ్బాయి చేతికిచ్చిందంటే ఇక కాదనేవాడు లేడు.

గథోగో పెళ్లాం ముగురే కూడా ఆయనకు అలాగే బుర్ర అందించింది. అప్పటికి ఆయన ఎండుకర్రలా పొడుగ్గా, పెద్ద పెద్ద చెవులతో ఉండేవాడు. అంతకుముందు వేరెవరికో పిల్లనడగడానికి పెద్దల వెంట ఆ ఊరు వెళ్లినప్పుడు, గోడ పక్కన కూర్చుని కిత్తనారతో బుట్ట అల్లుకుంటున్న ఒకమ్మాయి, పెద్దలు వదిలిన ప్రతి సగానికీ పెదాల కింద రెండో సగం కలుపుకోవడం చూశాడు. ఆ పూట వాళ్లు ఏ పిల్ల కోసం వెళ్లారో కూడా గథోగోకి తర్వాత గుర్తులేదు.

అప్పట్నుంచి వాళ్ల కాపురమంతా సగాల మీదే నడిచింది. ఆయన ఆవుల పాక నుంచి ఒక సగం విసిరేవాడు. వంటింటి పొగలోంచి ఆవిడ రెండో సగం తిప్పి కొట్టేది. వాళ్లు పోట్లాడుకుంటుంటే ఇరుగుపొరుగు కంచె దగ్గరికొచ్చి వినేవారు, చర్చిలో పాట కన్నా బావుంటుందని. సరసమూ అంతే, చీవాట్లూ అంతే. కూతురు పుట్టిన రోజున గథోగో బయట వానలో నిలబడి ఒక సగం పంపించాడు. లోపల మంచం మీంచి నీరసపు గొంతుతో రెండో సగం వచ్చింది. అది విన్నాకే తల్లీ బిడ్డా క్షేమమని ఆయన గుండె కుదుటపడింది.

ఒక పొద్దున ఆ రెండో సగం రాలేదు.

న్యాండరువా కొండల మీంచి పొగమంచు దిగి తేయాకు తోటలన్నీ మునిగిపోయి ఉన్నాయి. ఆవు పొదుగు కూడా కనపడటం లేదు. మంచులో మాట అందలేదేమో అనుకుని గథోగో మళ్లీ విసిరాడు. వంటింటి గుమ్మంలోకి ముగురే వచ్చి నిలబడింది. మొహంలో ఏదో వింత కుతూహలం.

"తర్వాత ఏమైంది?" అంది.

"దేనికి?"

"ఆ హైనాకి. మొదలుపెట్టి ఆపేశావేం? కథ మొత్తం చెప్పు."

గథోగో నవ్వబోయాడు గానీ నవ్వు సగంలో ఆగిపోయింది.

ఆ తర్వాత ముగురే మెల్లమెల్లగా తన వయసులో వెనక్కి నడుచుకుంటూ వెళ్లిపోయింది. ఎక్కడికీ కదలదు, గుమ్మంలో ముక్కాలిపీట మీద కూర్చుని బుట్ట అల్లుతూనే ఉంటుంది. చేతులకన్నీ గుర్తే. మనిషి మాత్రం రోజుకో ఏడాది చొప్పున చిన్నదైపోతోంది. జ్ఞాపకంలోంచి మనవలు ముందు పోయారు, తర్వాత కూతురు పోయింది, ఆనక మొగుడు కూడా పోయాడు. ఇప్పుడామె పుట్టింట్లో ఉంది. మంచు వీడి కిరిన్యాగా కొండ తెల్లని తల బయటపెడితే చాలు, "అమ్మా, కొండ కనిపించింది!" అని కేకేస్తుంది. ఎన్నడో మట్టిలో కలిసిన వాళ్లమ్మ వంటింట్లో ఉన్నట్టు చెవి అటు వేసి వింటుంది. ఆ కాసేపూ గథోగోకి కూడా వంటింట్లో ఎవరో ఉన్నట్టే అనిపించేది. ఇల్లంతా ఏదో మెత్తని నిద్రలో తేలుతున్నట్టుండేది.

ఆ నిద్రలో ఆయనకు మాత్రం చోటు లేదు. ఆమె లెక్కలో ఆయన పరాయి ముసలాయన.

"మీ ఇల్లెక్కడ తాతా? ఎప్పుడూ ఇక్కడే తిరుగుతావేం?" అని అడిగేది. కట్టుకున్న పెళ్లాం తాతా అంటుంటే ఏడవాలో నవ్వాలో ఆయనకు తెలిసేది కాదు. అన్నం పెట్టబోతే మొహం తిప్పేసుకునేది. "పరాయి మగాడి చేతి తిండి తింటే మా అమ్మ చంపేస్తుంది" అనేది. పక్కింటి న్యాకేరు తేయాకు కోసి వచ్చి మధ్యాహ్నం చేమదుంప నాలుగు ముక్కలు తినిపించి పోయేది. మిగతా పూటలన్నీ పస్తే. చేతి కడియం మోచేతి దాకా జారిపోతోంది.

తనకు తెలిసిన విద్య ఒక్కటే కాబట్టి గథోగో దాన్నే నమ్ముకున్నాడు. ఎదురుగా కూర్చుని తనకొచ్చిన సామెతలన్నీ తోడి పోశాడు. పెళ్లయిన కొత్తలో చెప్పుకున్నవి, పోట్లాటల్లో వాడినవి, పడుకోబోయే ముందు చెవిలో అన్నవి. ఏదో ఒకదానికి ఆ పెదాలు కదలకపోతాయా అని ఆశ. ఆమె బుట్ట గుండెకు హత్తుకుని వెనక్కి జరిగింది.

"న్యాకేరక్కా! ఈ తాత ఏదో గొణుగుతున్నాడు, నాకు భయమేస్తోంది" అని అరిచింది.

కూతురు వైరూరి కరాటినా సంతలో పాత బట్టల కొట్టు నడుపుతుంది. గథోగో తల్లి పేరే ఆమెకు పెట్టారు కాబట్టి ఆయన కూతుర్ని అమ్మా అనే పిలుస్తాడు. ఆమె కూడా ఆ చనువుతో తల్లిలాగే కేకలేస్తుంది. ఆ గురువారం వచ్చి తల్లి చేతులు చూసి తలగుడ్డ కొసతో కళ్లొత్తుకుని తండ్రిని పెరట్లోకి పిలిచింది.

"నాన్నా, అమ్మ తింటోందా?"

గథోగో గొంతు సవరించుకున్నాడు. చేను మీద ఒక సామెత మొదలైంది.

"ఆ డొంకతిరుగుడు నా దగ్గరొద్దు. తింటోందా, లేదా? అది చెప్పు."

ఆయన చెప్పులవైపు చూసుకున్నాడు.

"ఆదివారం చర్చి అయ్యాక బండి తీసుకొస్తా. అమ్మను నా దగ్గర పెట్టుకుంటా."

"నేనూ వస్తానమ్మా."

"ఎలా వస్తావు నాన్నా? ఇక్కడే నిన్ను చూసి తలుపేసుకుంటోంది. కొత్తచోట నువ్వు కూడా ఎదురుగా ఉంటే ఇంకా బెదిరిపోతుంది. నీ చేత్తో ఒక్క పూట తిందంటే నేనెందుకు తీసుకెళ్తాను? నాకేమైనా సరదానా?"

అందులో అబద్ధం లేదు కాబట్టి గథోగోకి కోపం కూడా రాలేదు. ముగురే ఈ గుమ్మం దిగి వెళ్లిపోతే తనను మళ్లీ గుర్తుపట్టదు.

శనివారం సాయంత్రం ఎండ పల్చగా పడుతోంది. ముగురే బెదరకుండా ఎడంగా ఉండమని న్యాకేరు చెప్పినట్టే, ఆయన దూరంగా కంచె పక్కన కూర్చున్నాడు. సామెత జోలికి పోలేదు. ఎంతసేపటికో ముగురేనే పలకరించింది.

"తాతా, దారిలో ఎవరైనా కనిపించారా? మా ఇంటికి ఒకతను వస్తానన్నాడు."

"ఎలా ఉంటాడు?"

"పొడుగ్గా ఉంటాడు. చెవులు ఇంతింత." చేతులతో చూపించి కిసుక్కున నవ్వింది. "నాలుక వంకర. ఏదడిగినా ఒక సామెత. నేను రెండో సగం చెబితే మురిసిపోతాడు. అందుకని మా నాయనమ్మ కాళ్లావేళ్లా పడి అన్నీ నేర్చుకున్నా. ఎవరితో అనకేం?"

ఆమెకు సామెతలు పుట్టుకతోనే వచ్చాయని గథోగో ఇన్నేళ్లూ నలుగురికీ గొప్పగా చెప్పుకుని తిరిగాడు.

"అతనంటే నీకిష్టమేనా?" అని అడిగాడు చివరికి.

"ఇష్టం లేకపోతే అవన్నీ ఎందుకు బట్టీ పడతాను?" నార ముడి వేస్తూ ఆగింది. "కానీ తాతా, అతనికి నేనంటే ఇష్టమో, నేను చెప్పే రెండో సగమంటే ఇష్టమో నాకెలా తెలుస్తుంది? అందరితో ఎలా మాట్లాడతాడో నాతోనూ అలాగే మాట్లాడతాడు. ఒక్కసారి నోరు తెరిచి తిన్నగా అడిగితే ఎంత బావుణ్ణు."

"అడక్కపోతే?"

"అడక్కపోయినా బుర్ర అందిస్తాలే. ఏం చేస్తాం?"

ఆమె నవ్వి మళ్లీ అల్లికలో పడిపోయింది. అంతమంది పెళ్లిళ్లు మాటలతో కుదిర్చిన మనిషి, సొంత పెళ్లాంతో ఒక్కనాడూ ఆ మాట అనలేదు. అనాల్సిన అవసరం ఉందని కూడా ఆయనకు తోచలేదు.

ఆదివారం పొద్దున పొగమంచు ఇల్లు, పాక, కంచె ఏదీ వదలకుండా కమ్మేసింది. గథోగో తెల్లవారకముందే లేచి పులియబెట్టిన రాగిపిండితో తనకొచ్చినట్టు అంబలి కాచాడు. అటకమీది సొరకాయ బుర్ర దించి కడిగి అందులో పోశాడు. పిల్లనడగడానికి వెళ్లేటప్పుడు తొడుక్కునే కోటు వేసుకున్నాడు, టోపీ పెట్టుకున్నాడు. వంటింటి వైపు నుంచి వెళ్తే ఇంటి ముసలాయనే అవుతాడు. అందుకని పెరటి దారిన బయటికి పోయి, తోట చుట్టూ తిరిగి, కొత్తగా వచ్చేవాడిలా కంచె తలుపు దగ్గర నిలబడ్డాడు.

"ఇంట్లో ఎవరున్నారు?" అని పిలిచాడు.

గుమ్మంలో అల్లుతున్న చేతులు ఆగాయి. "ఎవరది?"

"నేనే. వస్తానన్నానుగా."

మంచులో ఆమెకు మొహం కనపడలేదు. పొడుగాటి ఆకారం, టోపీ కింద ఇంతింత చెవులు కనిపించి ఉంటాయి. ఆమె గబగబా తలమీది గుడ్డ సర్దుకుంది.

గథోగో నాలుగడుగులు వేసి ఆగాడు. అలవాటైన నాలుక ఊరుకుంటుందా? గొర్రెపిల్ల, అడుగులు, వాకిలి అన్నీ వరసగా నోటి దాకా వచ్చేశాయి. మొదటి మాట జారింది కూడా. ముగురే భుజాలు కిందికి వాలాయి. పాఠం అప్పజెప్పబోయే పిల్లలా పెదాలు కదిపి రెండో సగం వెతుక్కోవడం మొదలుపెట్టింది. అది చూసి ఆయన మిగతాది గట్టిగా మింగేశాడు.

"వద్దు. నువ్వేం చెప్పక్కర్లేదు" అన్నాడు.

ఊళ్లకు ఊళ్లు నోరెళ్లబెట్టుకుని విన్న మనిషికి చెమటలు పట్టాయి.

"ముగురే, నువ్వు నాకు కావాలి" అన్నాడు. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. "నువ్వంటే నాకిష్టం. నీకు సామెతలు వచ్చినా రాకపోయినా ఇష్టం. నువ్వెళ్లిపోతే నేనీ ఇంట్లో బతకలేను. అంబలి కాచుకొచ్చాను, సరిగ్గా కుదిరిందో లేదో తెలీదు. తాగుతావా?"

ముగురే బుట్ట పక్కన పెట్టింది.

"ఇది చెప్పడానికి ఎంత దూరం నుంచి వచ్చావు?"

"చాలా దూరం నుంచే వచ్చాను."

"చెమటలు పట్టాయి నీకు" అంది జాలిగా. రెండు చేతులూ చాపి బుర్ర తీసుకుంది. వాసన చూసింది. ఒక గుక్క తాగింది, ఆగి మరో గుక్క తాగింది. ఆకలి గుర్తొచ్చినట్టుంది, గుటగుటా తాగింది. తర్వాత ఏదో జ్ఞాపకం వచ్చి ఆగి, అరచేత్తో అంచు తుడిచి, తల వంచుకుని బుర్రను ఆయన చేతిలో పెట్టింది.

కంచె అవతల ఎప్పుడు వచ్చిందో పికప్ బండి వచ్చి ఉంది. చర్చి బట్టల్లో వైరూరి తలుపు మీద చెయ్యి వేసి అలాగే నిలబడిపోయింది. పిల్ల బుర్ర అందించడమంటే ఏమిటో ఆ దేశంలో ఎవరికీ విడమరిచి చెప్పనక్కర్లేదు. ఆమె వెనక్కి తిరిగి, "ఇంజిన్ ఆపెయ్ అన్నా, ఇవాళ తీసుకెళ్లే బరువేం లేదు" అంది డ్రైవరుతో.

మధ్యాహ్నం తల్లి కునుకు తీస్తుంటే వైరూరి ఉండబట్టలేక అడిగింది. "ఏం మాయ చేశావు నాన్నా? ఏ సామెత చెప్పావు?"

గథోగో అలవాటు కొద్దీ గొంతు సవరించుకున్నాడు. మళ్లీ ఏమనుకున్నాడో ఆగిపోయాడు.

"నువ్వు కావాలన్నానమ్మా" అన్నాడు, కొత్త పెళ్లికొడుకులా సిగ్గుపడుతూ.

మర్నాడు పొద్దున గుమ్మంలో పీట మీద ముగురే బుట్ట అల్లుకుంటూ ఆయన్ని చూసి, "మీ ఇల్లెక్కడ తాతా?" అని అడిగింది. గథోగో లోపలికెళ్లి అంబలి బుర్రలో పోసి, కోటు తొడుక్కుని, టోపీ పెట్టుకుని, పెరటి దారిన బయటికి నడిచాడు.