సవరయ్యకు ఊపిరి నేర్పబోయాను

నూజివీడు నుంచి చాట్రాయి వెళ్ళే దారిలో మామిడి తోట ఉన్నవాళ్ళెవరినైనా అడగండి, మందు కొట్టే సవరయ్య తెలియనివాళ్ళు ఉండరు. ముప్పై ఏళ్ళు మా తోటల్లో పూతకు పురుగుమందు కొట్టింది ఆయనే. చెట్టు కింద నిలబడి, తల వెనక్కి వంచి, స్ప్రేయర్ గన్ను పైకెత్తాడంటే చిటారుకొమ్మలో ఆఖరి పూగుత్తి కూడా తడవాల్సిందే. ఏ చెట్టు కాపు నిలుపుతుందో పూత చూసి చెప్పేవాడు. ఇక గొంతు సంగతి వేరే చెప్పాలా! చర్చిలో మైకు పాడైతే సవరయ్యను ముందు వరసలో నిలబెట్టేవారట. స్ప్రేయర్ ఇంజను మోతలో కూడా ఆయన పాట పక్క తోటకు వినబడేది.

అలాంటి మనిషి యాభై ఎనిమిదో ఏట మంచం దగ్గర్నుంచి వాకిట్లో కుళాయి దాకా నడవలేకపోయాడు. నేను చెప్పబోయేది ఆ చివరి పది నెలల సంగతి. నా పేరు ఉదయశ్రీ. ఆయన మందు కొట్టిన తోటల్లో ఒకటి మాది. పైగా నేను యోగా టీచర్ని. ఆ మాట చెప్పుకోవడానికి ఇప్పుడు కాస్త సిగ్గుగానే ఉంటుంది.

నల్ల తామర పురుగు వచ్చిన ఏడాది నుంచి ఇక్కడ అందరి బతుకులూ తలకిందులయ్యాయి. అంతకుముందు పూతకు నాలుగుసార్లు మందు కొడితే సరిపోయేది. ఆ పురుగు వచ్చాక పదిసార్లు, పన్నెండుసార్లు. ఒక మందు పనిచేయకపోతే రెండు, రెండూ పనిచేయకపోతే నాలుగు కలిపి కొట్టించాం. అయినా పూత నల్లగా మాడి రాలిపోయింది. మా ఆయన శ్రీకాంత్ ఇంట్లో మాట్లాడడం మానేశాడు. నాకు నిద్ర కరువైంది, గుండె దడ పట్టుకుంది. అప్పుడు విజయవాడ వెళ్ళి యోగా నేర్చుకున్నాను. అబద్ధం ఎందుకు, నాకు మేలే చేసింది. సర్టిఫికెట్ తెచ్చుకుని కల్యాణ మండపంలో పన్నెండుమంది ఆడవాళ్ళకు క్లాసు మొదలుపెట్టాను. రంగురంగుల చాపలు, క్లాసుకు ముందొక ఫోటో, తర్వాత ఒక ఫోటో. “అన్నీ వదిలేయండి, ప్రశాంతత మీలోనే ఉంది” అని చిలక పలుకులు పలికేదాన్ని. కడుపు నిండినవాళ్ళకు ఆ మాట చెప్పడం ఎంత తేలికో.

జూలైలో ఒక ఉదయం సవరయ్య భార్య అమృతమ్మ మండపం గుమ్మం దగ్గర నిలబడింది. చెప్పులు చేత్తో పట్టుకుని ఉంది.

“అమ్మగారూ, మీరు ఊపిరి పీల్చడం నేర్పుతారంట కదా. మా ఆయనకి నేర్పుతారా?”

క్లాసులో ఇద్దరు ముగ్గురు కిసుక్కున నవ్వారు. అమృతమ్మ వాళ్ళవైపు చూడనైనా చూడలేదు.

“ఊపిరితిత్తులు గట్టిపడిపోయాయన్నారండీ డాక్టర్లు. ఇక మెత్తబడవంట. ఏడాదన్నారు, అది కూడా నమ్మకం లేదన్నారు. దానికి ఏడవాల్సింది ఏడ్చేశాను. కానీ ఆయాసం ఎగదన్నినప్పుడు ఆయనకి వచ్చే భయం నేను చూడలేకపోతన్నాను. నా చెయ్యి పట్టుకుని చంపెయ్యవే అంటన్నాడు. చావు ఎటూ వస్తది. ఆ భయం లేకుండా పోవాలండీ ఆయన. అంతే, ఇంకేం అడగను.”

ఆ సాయంత్రమే వెళ్ళాను. చాప కూడా చంకన పెట్టుకుని వెళ్ళాను, మహా తెలిసినదానిలాగా. సవరయ్య మంచం మీద దిండ్లకు ఆనుకుని ఉన్నాడు. మెడ దగ్గర నరాలు తాళ్ళలా తేలాయి. నన్ను చూసి లేవబోయాడు, లేవలేక నవ్వాడు. మనసు కుదుటపడాలంటే ముందు శవాసనం అనుకుని, దిండ్లు తీసేసి వెల్లకిలా పడుకోబెట్టించాను. కళ్ళు మూసుకోమని, ఒళ్ళు వదిలేయమని మెత్తటి గొంతుతో చెబుతున్నాను. అర నిమిషం కాలేదు, ఆయన కళ్ళు తేలేశాడు. చేతులతో గాలిని పట్టుకోబోయాడు. నోరు తెరుచుకుంది కానీ అరుపు రాలేదు. అమృతమ్మ పరుగెత్తుకొచ్చి ఆయన్ను లేపి తన భుజానికి ఆనించుకుంది.

“పడుకోబెడితే చచ్చిపోతాడని తెలీదా మీకు? నెలన్నర నుంచి కూర్చునే నిద్రపోతన్నాడు! నేర్పమంటే చంపడానికొచ్చారా?”

నా తల తీసేసినట్టయింది. చాప అక్కడే వదిలేసి వచ్చేశాను. జరిగింది చెబితే శ్రీకాంత్, “మనకెందుకు ఉదయా ఇవన్నీ, ఏమన్నా సాయం పంపిద్దాంలే” అన్నాడు. ఒళ్ళు మండింది. మర్నాడు బస్సెక్కి విజయవాడ వెళ్ళి, ఆస్పత్రిలో ఊపిరి వ్యాయామాలు నేర్పే అమ్మాయి దగ్గర కూర్చున్నాను. ముందుకు వంగి దిండు మీద మోచేతులు ఆనించాలని, వేడి టీ ఊదినట్టు పెదాలు బిగించి మెల్లగా వదలాలని, పీల్చడం మీద కాదు, వదలడం మీద ధ్యాస పెట్టాలని ఆ అమ్మాయి చెప్పింది. నాకు సర్టిఫికెట్ ఇచ్చినవాళ్ళు మాత్రం జబ్బు మనిషిని చూపించి నేర్పలేదు.

మళ్ళీ వెళ్తే అమృతమ్మ గుమ్మానికి అడ్డం నిలబడింది. చేతులు జోడించి, “పడుకోబెట్టను” అన్నాను. నా చంకలో చాప లేదని చూసి తప్పుకుంది.

అప్పటినుంచి రోజూ ఉదయం ఆరింటికి వాళ్ళింట్లో ఉండేదాన్ని. కుర్చీలో కూర్చోబెట్టి, ఎదురుగా స్టూలు మీద రెండు దిండ్లు వేసేవాళ్ళం. ఆయన చెయ్యి ఆయన పొట్ట మీద, దాని మీద అమృతమ్మ చెయ్యి. మొదట మూడు ఊపిర్లకే అలిసిపోయేవాడు. వారం తిరిగేసరికి అయిదు, నెల తిరిగేసరికి పది. తర్వాత భ్రామరి నేర్పాను, నోరు మూసుకుని తుమ్మెదలా ఝుమ్మనడం. ఆయనకు వట్టి ఝుంకారం నచ్చలేదు. చర్చిలో పాడుకునే పాటల వరసల్ని మూసిన నోటితోనే సాగదీయడం మొదలుపెట్టాడు. ఊపిరి పొడుగ్గా వదలడం అలా ఆయనకు పట్టుబడింది.

హిందువుల ఆసనాలు మనకెందుకని ఎవరో చెబితే, చర్చి ఉపదేశిగారు ఒకరోజు చూడ్డానికి వచ్చారు. గంటసేపు మూల కూర్చుని అంతా గమనించి, వెళ్ళేముందు మెల్లగా, “నాక్కూడా ఉబ్బసం ఉందమ్మా, రేపట్నుంచి నేనూ రావచ్చా?” అన్నారు. సవరయ్య నవ్వబోయి దగ్గులో పడ్డాడు. ఆ ఇంట్లో నేను విన్న నవ్వు అదొక్కటే.

భయం పోలేదు. తగ్గింది, అంతే. ఆయాసం వస్తున్నప్పుడు ముందే కనిపెట్టి, దిండు మీదికి వంగి, ఝుమ్మంటూ దాని కిందనుంచి దాటేవాడు. కొన్నిసార్లు దాటలేకపోయేవాడు. అప్పుడు ఆ కళ్ళు చూడ్డం నా వల్ల అయ్యేది కాదు.

డిసెంబర్లో ఒక ఉదయం వ్యాయామం అయ్యాక ఆయనే అన్నాడు. “మీరు మొదట్నుంచీ మంచోళ్ళేనండీ అమ్మగారూ. మందు కొట్టే రోజున మర్చిపోకుండా మీ చేత్తోనే బెల్లం ముక్క ఇచ్చేవారు.”

మా తోటల్లో అదొక ఆనవాయితీ. మందు కొట్టేవాళ్ళకు పని మొదలయ్యేముందు తోటవాళ్ళ ఇంటినుంచి ఇంత బెల్లం గడ్డ ఇస్తారు. అది నములుతుంటే మందు రొమ్ముకు పట్టదని నమ్మకం. మా అత్తగారు ఇచ్చేవారు, ఆవిడ తర్వాత నేనిచ్చాను. పురుగుమందుల షాపువాళ్ళు ఇచ్చిన మాస్కులు మాత్రం మా స్టోర్ గదిలో కవరు కూడా విప్పకుండా పడి ఉండేవి. ఒకసారి ఇవ్వబోతే, “అది కట్టుకుంటే పాటెలా వస్తదండీ” అన్నాడు సవరయ్య. నేనూ నవ్వేసి ఊరుకున్నాను. చెట్టుకు కొట్టిన మందంతా పైకెత్తిన ఆ మొహం మీదికే మంచులా దిగడం ముప్పైసార్లయినా కళ్ళారా చూశాను. నేను బీఎస్సీ కెమిస్ట్రీ చదివాను. మందు డబ్బా మీద పుర్రె గుర్తు కింద ఎర్ర త్రికోణం ఎందుకు వేస్తారో నాకు తెలుసు.

ఆ పొగడ్త నేను మింగలేకపోయాను.

“బెల్లం వల్ల ఏమీ కాదు సవరయ్యా. అప్పుడు కూడా నాకు తెలుసు. తెలిసే ఇచ్చాను.”

ఎందుకు చెప్పానా అని ఈరోజుకీ నన్ను నేను తిట్టుకుంటాను. నా బరువు దించుకోవడానికే చెప్పాను, ఆయన మేలు కోరి కాదు. సవరయ్య దిండు మీదనుంచి తల ఎత్తి నావైపు చూశాడు. ఆ తర్వాత ఆయాసం వచ్చింది. అంత పెద్దది అంతకుముందు నేను చూడలేదు. పెదాలు నీలం తిరిగాయి. ఊపిరి వదలమని నేను పొట్ట మీద చెయ్యి వేస్తే ఆ చేతిని తోసేశాడు. “బయటికి పోండి” అంది అమృతమ్మ. పోయాను. నా వెనక తలుపు పడింది.

పదకొండు రోజులు ఆ తలుపు తెరుచుకోలేదు. రోజూ ఆరింటికి వెళ్ళి మెట్టు మీద కూర్చుని, ఏడింటికి లేచి వచ్చేదాన్ని. మండపంలో క్లాసు ఆపేశాను. నాకే ఊపిరి కుదురు లేదు, ఒకరికేం చెబుతాను? కళ్ళు మూసుకుంటే పైకెత్తిన ఆ మొహమే. ఆయన చచ్చిపోతే బాగుండునని కూడా అనుకున్నాను. ఆ మెట్టు మీదే అనుకున్నాను.

పన్నెండో రోజు లోపలినుంచి సవరయ్య గొంతు వినబడింది. “రమ్మనవే. బయట చలి.”

వెళ్ళి నిలబడ్డాను. ముక్కలు ముక్కలుగా మాట్లాడాడు. “బెల్లంతో ఏం కాదని... నాకూ అనుమానమేనండీ. కానీ చదువుకున్నోరు మీరు నమ్మి ఇస్తున్నారు కదా అని... నేనూ నమ్మాను.” దిండు మీదికి వంగి ఒక ఊపిరి వదిలాడు. “క్షమించానని చెప్పమంటారేమో. చెప్పను. ఊపిరి దండగ. కూర్చోండి, మొదలెడదాం.”

కూర్చున్నాను. ఆరోజు పన్నెండు ఊపిర్లు చేశాడు. నేను ఆయనకు నేర్పడం ఆరోజుతో అయిపోయింది. అక్కడినుంచి ముగ్గురం కలిసి ఊపిరి తీస్తూ ఉన్నాం, అంతే.

జనవరిలో పూత వచ్చింది. చుట్టూ తోటల్లో ఇంజన్లు మొదలయ్యాయి. మా తోటలో మాస్కు లేకుండా ఎవరూ గన్ను పట్టకూడదని శ్రీకాంత్‌తో పోట్లాడి ఒప్పించాను. మిగతావాళ్ళు నవ్వారు. కిటికీలకు తడిగుడ్డలు కట్టినా మందు వాసన ఆ ఇంట్లోకి రానే వచ్చింది. ఫిబ్రవరికల్లా ఆక్సిజన్ మిషను పెట్టాల్సి వచ్చింది. ఏప్రిల్లో పన్నెండు ఊపిర్లు మళ్ళీ మూడయ్యాయి.

మే రెండో వారంలో, ఒక తెల్లవారుజామున ఈదురుగాలి కొట్టింది. మా వైపు గాలి ఆగిందంటే ఇంటిల్లిపాదీ తోటకు పరుగెత్తాల్సిందే. రాలిన కాయ ఎండ తగలకముందే ఏరకపోతే ఎందుకూ పనికిరాదు. అయిదున్నరకు గంపలతో తోటలో ఉన్నాను. ఆరింటికి సవరయ్య ఇల్లు గుర్తొచ్చింది. ఒక్కరోజుకు ఏమవుతుందిలే అనుకున్నాను. ఫోను ట్రాక్టర్ మీద పెట్టి కాయలేరుతూ ఉండిపోయాను. ఎనిమిదింటికి చూస్తే అమృతమ్మ నుంచి ఆరు కాల్స్.

గంప అక్కడే పడేసి వెళ్ళాను. ఆయన కుర్చీలోనే, దిండు మీదికి వంగి ఉన్నాడు. అమృతమ్మ పక్కన నేల మీద కూర్చుని ఉంది.

“గాలికి కరెంటు పోయింది, మిషను ఆగిపోయింది. మీకు చేస్తన్నాను, చేస్తన్నాను, ఎత్తట్లేదు. నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదండీ. ఆయనే నా చెయ్యి లాక్కుని పొట్ట మీద పెట్టుకున్నాడు. ‘కంగారు పడకు అమృతా, నాతో పాటు వదులు’ అన్నాడు. వదిలాను. ఆయనా వదిలాడు. చాలాసేపు అలా చేశామండీ. ఒకసారి వదిలాక ఇంక తీసుకోలేదు.” ఆయన మొహాన్ని మెల్లగా నావైపు తిప్పింది. “చూడండి. భయపడలేదు.”

చూశాను. నిజమే, భయం లేదు. ఆయన కాళ్ళ దగ్గర కూర్చున్నాను. నా చేతులకు మామిడి సొన అంటుకుని ఉంది, వాటిని పట్టుకోవడానికి కూడా మనసొప్పలేదు. ఏదో అనబోయాను. అమృతమ్మ అననివ్వలేదు.

“మీ దగ్గర నేర్చుకుంది ఆయనకి పనికొచ్చింది. నాకు రావట్లేదండీ. పొద్దున్నుంచి లోపలికి తీసుకున్న గాలి బయటికి వదల్లేకపోతన్నాను.” రొమ్ము మీద పిడికిలితో కొట్టుకుంది. “రేపు ఆరింటికి రండి. ఎన్ని కాయలు రాలినా సరే, రండి.”